చిన్న కేథలిక్ యూనివర్సిటీలో మన పిల్లల మాట ఎవరు వింటారు?

ప్రశ్నలు – జవాబులు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో కొన్ని ఒకే దారి పట్టాయి. అమెరికాలో కేథలిక్ సంస్థలు నడిపే చిన్న ప్రైవేటు యూనివర్సిటీల గురించి అవి. వాటిని ఒక్కచోట చేర్చాను.

ప్రశ్న: మా అమ్మాయికి పెన్సిల్వేనియాలో ఒక కేథలిక్ యూనివర్సిటీలో ఎం.ఎస్. సీటు వచ్చింది. మేం పూజలూ వ్రతాలూ చేసుకునేవాళ్లం. అక్కడ చర్చికి వెళ్లక తప్పదా? మతం మారమంటారా?
– ఒక తండ్రి, తెనాలి

జవాబు: మీ ప్రశ్నకు సగం జవాబు మీ ఊరి పక్కనే ఉందండీ. విజయవాడలో జెసూట్ ఫాదర్లు నడిపే ఆంధ్ర లయోలాలో చదివి, ఇంటికొచ్చి సత్యనారాయణ వ్రతం చేసుకున్నవాళ్లు మీ బంధువుల్లోనే ఉండి ఉంటారు. అడిగి చూడండి.

మిగతా సగానికి వస్తే, కేథలిక్ విశ్వవిద్యాలయాలు ఎలా ఉండాలో చెబుతూ పోప్ రెండో జాన్ పాల్ 1990లో ‘ఎక్స్ కోర్దే ఎక్లేసియే’ అనే పత్రం విడుదల చేశారు. సంస్థ తన కేథలిక్ గుర్తింపును నిలుపుకోవాలన్న ఆ పత్రమే, ప్రతి ఒక్కరి అంతరాత్మ స్వేచ్ఛనూ పూర్తిగా గౌరవించాలని కూడా అంది. డిగ్రీ విద్యార్థులకు సాధారణంగా ఒకటి రెండు థియాలజీ, ఫిలాసఫీ కోర్సులుంటాయి. ఎం.ఎస్. వాళ్లకు మామూలుగా అవీ ఉండవు. ప్రార్థనకు రమ్మని ఎవరూ హాజరు తీసుకోరు.

మతం కనబడేది నియమాల్లో. కొన్నిచోట్ల హాస్టల్ గదుల్లో అబ్బాయిలూ అమ్మాయిలూ కలిసి రాత్రి ఉండకూడదంటారు. క్యాంపస్ ఆరోగ్య కేంద్రంలో గర్భనిరోధక సాధనాలు ఇవ్వని చోట్లూ ఉన్నాయి. మొదటి నియమం మీకు సంతోషమే కావచ్చు గానీ, రెండూ ముందుగా తెలియాల్సింది మీ అమ్మాయికి. స్టూడెంట్ హ్యాండ్‌బుక్ ఆమెనే చదవమనండి. అన్నట్టు, ఈస్టర్‌కు ముందొచ్చే లెంట్ రోజుల్లో శుక్రవారాలు చాలా క్యాంటీన్లలో మాంసం వండరు. శాకాహారులకు ఆ కొద్ది వారాలూ పండగే.

ప్రశ్న: చిన్న కేథలిక్ యూనివర్సిటీలో డేటా సైన్స్ చదువుతున్నాను. ఒక ప్రొఫెసర్ సిలబస్‌లో రాసింది ఒకటి, మార్కులు వేసింది ఇంకోలా. ఫిర్యాదు చేస్తే వీసాకే ముప్పని సీనియర్లు భయపెడుతున్నారు. నెల రోజులుగా సరిగా నిద్ర లేదు. ఆ కోర్సు వదిలేద్దామనుకుంటున్నాను.
– ఒక విద్యార్థి, అమెరికా

జవాబు: తమ్ముడూ, ముందు వీసా సంగతి. ఎఫ్-1 స్టేటస్ నిలబడేది పూర్తి క్రెడిట్లు తీసుకోవడం, అనుమతి లేని పని చేయకపోవడం, ఐ-20 గడువు దాటకపోవడం లాంటి వాటి మీద. మార్కుల గురించి రాసిన ఫిర్యాదుకు, విదేశీ విద్యార్థుల రికార్డులుండే ప్రభుత్వ వ్యవస్థ సెవిస్‌లో చోటే లేదు. సీనియర్లు భయపడాల్సిన చోట కాక ఇంకోచోట భయపెడుతున్నారు.

అసలు ప్రమాదం మీ ఉత్తరంలోని ఆఖరి వాక్యంలో ఉంది. కోర్సు వదిలేసినందువల్ల క్రెడిట్లు పూర్తికాలం హద్దు కన్నా తగ్గితే, దానికి అంతర్జాతీయ విద్యార్థుల ఆఫీసులో వీసా వ్యవహారాలు చూసే అధికారి (డీఎస్‌ఓ) ముందే అనుమతించి ఉండకపోతే, స్టేటస్ పోతుంది. ఆరోగ్యం బాగోలేనప్పుడు డాక్టరు గానీ లైసెన్సున్న సైకాలజిస్టు గానీ ఇచ్చిన లేఖతో క్రెడిట్లు తగ్గించుకోవచ్చు. ఒక డిగ్రీ స్థాయిలో మొత్తం మీద 12 నెలల దాకా ఈ వీలుంది. అనుమతి ముందు, డ్రాప్ తర్వాత. తిరగేస్తే సరిదిద్దుకోవడం చాలా కష్టం.

నిద్ర పట్టకపోవడాన్ని చిన్నచూపు చూడకండి. క్యాంపస్ కౌన్సెలింగ్ చాలాచోట్ల ఉచితం. అక్కడ చెప్పింది మీ మార్కుల రికార్డులోకి వెళ్లదు. క్యాంపస్ మినిస్ట్రీలో ఉండే ఫాదర్‌తో మాట్లాడటానికి క్రైస్తవులే అయ్యుండాలన్న షరతూ లేదు. ఒక తేడా మాత్రం గుర్తుంచుకోండి. లైంగిక వేధింపుల లాంటివి చెప్పుకుంటే కౌన్సెలరూ, మతగురువు హోదాలో విన్న ఫాదరూ సాధారణంగా దాచి ఉంచగలరు. ప్రొఫెసర్లూ హాస్టల్ సిబ్బందీ మాత్రం విన్న వెంటనే పైకి తెలియజేయాలని చాలా యూనివర్సిటీల నియమం.

ఇక మార్కులు. హ్యాండ్‌బుక్‌లో గ్రేడ్ అప్పీల్ అన్న భాగం తీయండి. దానికి గడువుంటుంది, చాలాసార్లు కొద్ది వారాలే. మొదట ప్రొఫెసర్‌కి, తర్వాత డిపార్ట్‌మెంట్ చైర్‌కి, ఆపైన డీన్‌కి. ఈమెయిల్‌లో కోర్సు నంబరు, సిలబస్‌లో ఉన్న మాట, మీకు పడిన మార్కులు, మీరు కోరేదేమిటి, ఈ నాలుగూ చాలు. మీ కష్టాలూ ఇంటి అప్పూ అందులో రాయకండి. నోటితో మాట్లాడి వచ్చినా, ‘ఈ రోజు మనం అనుకున్నది ఇది’ అని అదే సాయంత్రం ఒక ఈమెయిల్ పెట్టండి.

చిన్న యూనివర్సిటీలో ఒక వరం, ఒక చిక్కు. డీన్‌ని కలవాలంటే నెలలు ఆగనక్కర్లేదు, మీ పేరు కూడా తెలిసే ఉండొచ్చు. కానీ నలుగురు ప్రొఫెసర్లున్న డిపార్ట్‌మెంట్‌లో మీరు ఫిర్యాదు చేయాల్సిన చైర్, మీరు ఫిర్యాదు చేస్తున్న ప్రొఫెసర్ ఒకరే అయినా ఆశ్చర్యం లేదు. అప్పుడు నేరుగా డీన్ దగ్గరకు, లేదా ఏ పక్షమూ వహించకుండా ఫిర్యాదులు వినే అంబుడ్స్ ఆఫీసు ఉంటే అక్కడికి వెళ్లండి. లోపలి మెట్లన్నీ ఎక్కినా ఫలితం లేకపోతే బయట యూనివర్సిటీకి గుర్తింపునిచ్చే అక్రెడిటింగ్ సంస్థ, రాష్ట్ర ప్రభుత్వ విభాగం ఉన్నాయి. వాళ్లకు ఫిర్యాదు ఎలా చేయాలో యూనివర్సిటీయే విద్యార్థులకు తెలపాలని ఫెడరల్ నిబంధన. ఒక్క గ్రేడు కోసం వాళ్లు కదలరు గానీ, యూనివర్సిటీ తన సొంత నియమాలే పాటించకపోతే అడుగుతారు.

మరొక మాట, కొంచెం కోపంగానే చెబుతున్నా. సెమిస్టర్ చివర వచ్చే కోర్సు ఎవాల్యుయేషన్‌లో మనవాళ్లు చాలామంది అన్నిటికీ అయిదు కొట్టేసి అర నిమిషంలో లేచిపోతారు. డీన్లు చదివే కాగితం అది, ప్రొఫెసర్ల పదోన్నతులప్పుడు చూసేదీ అదే. తొమ్మిది మంది క్లాసులో పేరు రాయకపోయినా శైలిని బట్టి పట్టేస్తారనుకుంటే, మీ సొంత సంగతి వదిలి సిలబస్ గురించే రాయండి. స్టూడెంట్ గవర్నమెంట్‌దీ అదే కథ. దీపావళి ఈవెంట్‌కి నిధులడగడానికి గుంపుగా వెళ్తాం, షటిల్ బస్సు వేళలు మాట్లాడే రోజున ఒక్కరమూ కనబడం. ఆ తర్వాత వాట్సాప్ గ్రూపులో తిట్టుకుంటాం. ఆ తిట్లు ఏ డీన్ చెవికీ చేరవు.

ప్రశ్న: మా అబ్బాయి ఫోన్ ఎత్తడం తగ్గించేశాడు. మార్కులెలా ఉన్నాయని యూనివర్సిటీకి రాస్తే చెప్పలేమన్నారు. ఫీజు కట్టేది మేమే కదా! సిస్టర్లు స్థాపించిన సంస్థ, కాస్త దయ ఉండొద్దా?
– ఒక తల్లి, కరీంనగర్

జవాబు: అమ్మా, అది దయలేకపోవడం కాదు, చట్టం. 1974 నాటి ఫెర్పా చట్టం ప్రకారం కాలేజీలో చేరిన రోజు నుంచి చదువు రికార్డుల మీద హక్కు విద్యార్థిది. ఫీజు ఎవరు కట్టారన్నది లెక్కలోకి రాదు. బాబు రాతపూర్వకంగా ఒప్పుకుంటే చెప్పొచ్చు, ప్రాణాపాయం లాంటి అత్యవసర స్థితిలోనూ చెప్పొచ్చు.

అయితే ఆ చట్టం వాళ్లను చెప్పొద్దంటుంది గానీ వినొద్దనదు. డీన్ ఆఫ్ స్టూడెంట్స్ ఆఫీసుకు మీరే రాయండి. ‘మా వాడు ఇదివరకు రోజూ మాట్లాడేవాడు, ఇప్పుడు ఎత్తడం లేదు, ఒకసారి కనుక్కోండి’ అంటే చాలు. చిన్న క్యాంపస్‌లో ఎవరో ఒకరు వాణ్ని పిలిచి మాట్లాడతారు. ఏం మాట్లాడారో మీకు చెప్పరు. అది మీరు ఓర్చుకోవాలి. రోజుల తరబడి జాడ లేకపోతే మాత్రం ఆలస్యం చేయకుండా క్యాంపస్ సెక్యూరిటీకి ఫోన్ చేసి ‘వెల్‌ఫేర్ చెక్’ అడగండి. వెళ్లి తలుపు తడతారు. బయట అద్దెకుంటే ఆ ఊరి పోలీసులకు చేయాలి. బాబు దగ్గర 988 నంబరు కూడా ఉండాలి. మనసు బాగోలేనివాళ్లు అమెరికాలో ఏ వేళనైనా చేయొచ్చు.

అతను మాట్లాడినప్పుడు మొదటి ప్రశ్న మార్కుల గురించి వేయకండి.

ప్రశ్న: చిన్న యూనివర్సిటీలు మూతపడుతున్నాయట, నిజమేనా? అలాంటి చోటికి పంపొచ్చా?
– ఒక పాఠకుడు, హైదరాబాద్

జవాబు: నిజమే. మిల్వాకీలో 1937 నుంచి ఉన్న కార్డినల్ స్ట్రిచ్ యూనివర్సిటీ 2023లో, ఫిలడెల్ఫియా దగ్గరి కాబ్రిని 2024లో, సెయింట్ లూయిస్‌లో 1923లో మొదలైన ఫాంట్‌బాన్ 2025లో మూతపడ్డాయి. మూడూ సిస్టర్లు స్థాపించినవే. చేరేవాళ్లు తగ్గారు, వెనక నిధి పెద్దగా లేదు. ఇలాంటి చోట్ల ఒక్కో విద్యార్థి ఫీజుకూ విలువ ఎక్కువ. మన పిల్లలు మానేయకుండా అంత జాగ్రత్తగా చూసుకోవడంలో సేవాభావం ఎంతుందో ఆ లెక్కా అంతే ఉంది. అది తప్పని నేననను. ఆ జాగ్రత్తకూ మూతకూ మూలం ఒకటేనని మాత్రం తెలుసుకోండి.

చూడాల్సినవి: అమెరికా విద్యాశాఖ ప్రైవేటు సంస్థలకిచ్చే ఆర్థిక స్కోరు మైనస్ 1 నుంచి 3 దాకా ఉంటుంది. 1.5 కన్నా తక్కువైతే ఆలోచించండి. ఎక్కువైనా అదొక్కటే భరోసా కాదు. అక్రెడిటింగ్ సంస్థ ఆ యూనివర్సిటీని ప్రొబేషన్‌లో పెట్టిందేమో చూడండి. పెన్సిల్వేనియా వైపు ఆ సంస్థ మిడిల్ స్టేట్స్, ఇల్లినాయి, మిస్సోరీల్లో హయ్యర్ లెర్నింగ్ కమిషన్. చదువు మధ్యలో మూతపడితే విద్యార్థి సెవిస్ రికార్డు మరో యూనివర్సిటీకి బదిలీ కావాలి, క్రెడిట్లన్నీ అక్కడ చెల్లుతాయన్న హామీ లేదు.

డిపాజిట్ కట్టేముందు ఆ యూనివర్సిటీకి రెండు ప్రశ్నలు ఈమెయిల్ చేయండి. విద్యార్థి ఫిర్యాదు చేస్తే ఎవరు, ఎన్ని రోజుల్లో జవాబిస్తారు? మా కోర్సు ఆగిపోతే ఏ యూనివర్సిటీ తీసుకుంటుంది? సూటిగా సమాధానం రాకపోతే ఆ డిపాజిట్ కట్టకండి.