స్తంభారోహణము

మీట నొక్కిన వెంటనే దీపము వెలుగుట నేడు ఎవ్వరికిని వింతగా తోచదు. శ్రీశైలమున నీటి వేగముచేతనో, రామగుండమున బొగ్గు మంటచేతనో పుట్టిన విద్యుత్తు వందలాది కిలోమీటర్లు తీగెల వెంట పయనించి వచ్చి ఆ దీపమును వెలిగించుచున్నది. దూరప్రయాణమునకై దాని వోల్టేజిని మిక్కిలి హెచ్చింతురు; ఊళ్లను సమీపించిన కొలది మెట్టు మెట్టుగా తగ్గింతురు. పల్లె పొలిమేరను చేరునప్పటికి అది సాధారణముగా 11,000 వోల్టులు. అచ్చటి ట్రాన్స్‌ఫార్మరు దానిని మరల తగ్గించి ఇండ్లకు 230 వోల్టుల చొప్పున పంచును.

ఈ మార్గమున జనులు చూచి వచ్చి వర్ణించి చెప్పునవి ఆనకట్టలును, మహాయంత్రములును. గాలివానకు వేపకొమ్మ విరిగి తీగెలపై బడిన రాత్రి మాత్రము ఊరివారికి ఆనకట్ట గుర్తునకు రాదు. లైన్‌మన్ గుర్తునకు వచ్చును. అతడు వచ్చువరకు చంటిబిడ్డలకు నిద్ర లేదు, పొలమున మోటారు కదలదు. ఇంతటి అవసరమైన ఈ ఉద్యోగము తెలుగునాట బహుకాలము పురుషులకే చెల్లినది. ఆ కట్టుబాటు ఎట్లు సడలెనో తెలియుటకు ముందు ఆ పని యెట్టిదో తెలియవలెను.

స్తంభ మెక్కుటకంటె, ఎక్కుటకు ముందు చేయు పని ముఖ్యమైనది. చెడిన తీగెను బాగుచేయ బూనినవారు మొదట సబ్‌స్టేషనువారి నడిగి 'లైన్ క్లియర్' తీసికొనవలెను. వాడుకలో దీనిని ఎల్.సి. అందురు. సబ్‌స్టేషనులోని ఆపరేటరు ఆ ఫీడరునకు విద్యుత్తు నాపి, ఎవరడిగిరో, ఏ వేళ ఆపెనో పుస్తకమున వ్రాసికొని, మీటవద్ద 'మనుషులు పనిచేయుచున్నారు' అను పలకను తగిలించును. అంతటితో తీగెను ముట్టరాదు. పనిచేయు తావునకు దగ్గరనున్న ఏ.బి. స్విచ్చిని తెరచి, దాని మూడు కత్తులును నిజముగా విడివడినవో లేదో కన్నులార చూడవలెను. పిమ్మట తీగెలో విద్యుత్తు లేదని పరికరముతో పరీక్షించి, పొడవైన కడ్డీల సాయమున తీగెలన్నిటిని భూమితో కలుపవలెను. దీనికి ఎర్తింగు అని పేరు.

ఆపివేసిన తీగెకు మరల ఎర్తింగు ఏల యని సందేహము కలుగవచ్చును. ఊరిలో ఎవరో తమ జనరేటరును తప్పుగా కలిపి నడపినారనుకొందము. దాని విద్యుత్తు ఇంటితీగెల వెంట వెనుకకు నడచి ట్రాన్స్‌ఫార్మరును చేరును. అచ్చట తగ్గుటకు మారుగా హెచ్చి, వేల వోల్టులతో పైతీగెలలో ప్రవేశించును. తీగెలు ముందుగనే భూమితో కలిసియున్నచో ఆ విద్యుత్తు పనివాని దేహమును విడిచి సులభమార్గమున భూమిలోనికి పోవును. పని ముగిసిన పిదప ఎల్.సి. తీసికొన్నవారే దానిని తిరిగి అప్పగించవలెను. 'అయిపోయినది' అని వేరొకరు చెప్పిన మాటను నమ్మి మీట వేయుటచేత ప్రాణములు పోయిన ఉదంతములు కలవు.

మానవదేహము విద్యుత్తునకు ఎంత స్వల్పముగా లొంగిపోవునో తెలిసినచో ఈ నియమములు చాదస్తమని తోచవు. ఆంపియరులో వెయ్యవ వంతును మిల్లీ ఆంపియరందురు. ఒక మిల్లీ ఆంపియరు ప్రవహించినచో చిన్న జలదరింపు కలుగును. పది దాటినచో చేతి కండరములు బిగుసుకొని, పట్టిన తీగెను విడువ దలచినను విడువలేవు. ముప్పది, నలుబది చేరి క్షణకాలము నిలిచినచో గుండె లయ తప్పవచ్చును. తొమ్మిది వాట్ల చిన్న ఎల్.ఇ.డి. దీపము వెలుగుటకు కావలసిన విద్యుత్తు నలుబది మిల్లీ ఆంపియర్లకు తక్కువ కాదు. పడకగదిలోని దీపమునకు చాలునది ఒక ప్రాణమునకు చాలును.

బలముతో పని లేదని కాదు. అయితే స్తంభముపైని ఇనుప అడ్డుకమ్మీని తాడుతోను కప్పీతోను పైకి లాగుదురు; ట్రాన్స్‌ఫార్మరును పలువురు కలిసియో యంత్రముతోనో ఎత్తుదురు. ఒంటిచేత దాని నెత్తు పురుషుడెవ్వడును లేడు. నున్నని సిమెంటు స్తంభమును ఎగబ్రాకుటకు చేతిపట్టు, కాలిపట్టు, ఎత్తున కన్నులు తిరుగకుండునట్టి అలవాటు కావలెను. అవి సాధన చేసినవారికి వచ్చును, చేయనివారికి రావు. పురుషులలో సైతము స్తంభ మెక్కలేనివారు ఎందరో కలరు. కనుకనే ఉద్యోగ మిచ్చుటకు ముందు అభ్యర్థులచేత స్తంభ మెక్కించి చూచు పరీక్ష యేర్పడినది. ఈ సంగతిని మరువకుండుట మంచిది. ముందు దీనితో పని పడును.

ఈ విద్య నేర్చుటకు మార్గము కష్టసాధ్యమైనది కాదు. పదవ తరగతి ఉత్తీర్ణులైనవారు ఐ.టి.ఐ.లలో ఎలక్ట్రీషియను శాఖను రెండు సంవత్సరములు చదువవచ్చును. తీగెలు కలుపుట, మోటారు చుట్టుట, ట్రాన్స్‌ఫార్మరును పరీక్షించుట, ప్రమాదమునకు గురియైనవారికి కృత్రిమముగా ఊపిరి కల్పించుట అచ్చట చేతులతో చేసి నేర్తురు. పిమ్మట 1961వ సంవత్సరపు అప్రెంటిసుల చట్టము ననుసరించి ఒక సంస్థలో అప్రెంటిసుగా చేరి, కొంత భత్యము పొందుచు, అనుభవజ్ఞుల ప్రక్కన నిలిచి పని నేర్చుకొనవచ్చును. ఆ చట్టమున ఎచ్చటను స్త్రీలు పనికిరారని లేదు. కాని చట్టమున లేని అడ్డు ఇండ్లలో ఉండెను. ఆడపిల్ల ఐ.టి.ఐ.లో చేరెదనన్నచో కుట్టుపనియో, స్టెనోగ్రఫీయో తగునని పెద్దలు నిర్ణయించుచుండిరి.

అట్లని స్త్రీలు విద్యుద్రంగమునకు క్రొత్తవారు కారు. భారతదేశమున తొలి మహిళా విద్యుత్ ఇంజనీరుగా ప్రసిద్ధి కెక్కిన అయ్యలసోమయాజుల లలిత తెలుగింటి ఆడపడుచు. ఆమె 1919 ఆగస్టు 27వ తేదీన మద్రాసులో జన్మించెను. తండ్రి పప్పు సుబ్బారావు గిండీ ఇంజనీరింగు కళాశాలలో విద్యుచ్ఛాస్త్రాచార్యుడు. ఆనాటి ఆచారము ననుసరించి ఆమెకు పదునైదవ యేటనే వివాహ మయ్యెను. 1937లో కుమార్తె పుట్టెను. ఆ శిశువునకు నాలుగు నెలలు నిండునప్పటికి భర్త మరణించెను. అప్పటికి లలిత వయస్సు పదునెనిమిది. వితంతువు ఇంట మూల కూర్చుండుటే మర్యాద యనుకొను ఆ దినములలో ఆమె మరల చదువ నిశ్చయించుకొనెను. వైద్యవిద్యకు పోయినచో అర్ధరాత్రమున రోగుల పిలుపులకు బిడ్డను విడిచి పోవలసివచ్చును. అందుచేత ఇంజనీరింగును కోరుకొనెను.

గిండీ కళాశాలలో అంతవరకు ఒక్క స్త్రీయును చేరలేదు. తండ్రి కళాశాలాధిపతియైన చాకోతోను, విద్యాశాఖాధికారియైన స్టాథముతోను మాటలాడి అనుమతి సంపాదించెను. 1940లో లలిత విద్యుచ్ఛాఖలో చేరెను. వందలాది యువకుల నడుమ ఆమెకు తోడులేకుండుట చూచి కళాశాలవారు ఇతర స్త్రీలకును ప్రవేశము కల్పింపగా, పి. కె. త్రేసియా, లీలమ్మ జార్జి యను ఇరువురు సివిలు శాఖలో చేరిరి. ముద్రించి యుంచిన పట్టాలపై 'అతడు' అనియే యుండుటచే దానిని కొట్టివేసి 'ఆమె' అని చేతితో దిద్దవలసివచ్చెను.

చదువు ముగింపునకై లలిత బీహారునందలి జమాల్‌పూరు రైల్వే కర్మాగారమున ఒక సంవత్సరము పని నేర్చెను. పుస్తకమునందలి మోటారు వేరు, నూనె పూసుకొని వేడెక్కి మ్రోగుచుండు మోటారు వేరు. ఆమె చేసిన తదుపరి పనులకు ఆ కర్మాగారమే పునాది యనవచ్చును. 1944లో సిమ్లాలోని కేంద్ర ప్రమాణముల సంస్థలో చేరి, పిదప 1948 నుండి కలకత్తాలో ఒక విద్యుత్ పరికరముల కంపెనీలో తీగెమార్గములకును సబ్‌స్టేషనులకును నమూనాలు రచించుచు వచ్చెను. భాక్రానంగల్ ఆనకట్ట జనరేటర్లకు సంబంధించిన పనిలో ఆమె పాలుకలదు. 1964లో న్యూయార్కున జరిగిన మహిళా ఇంజనీర్ల, శాస్త్రజ్ఞుల ప్రథమ అంతర్జాతీయ సభకు వెళ్లెను. 1979లో మరణించెను.

ఆమె గీచిన గీతలను బట్టి స్తంభములు నాటబడెను. ఆ స్తంభము నెక్కి తీగె కట్టు పని మాత్రము స్త్రీకి దక్కలేదు. బల్లవద్ద కూర్చుండి గీచు పనికిని, ఎండలో నిలిచి చేతులతో చేయు పనికిని నడుమ మన సమాజము గీచిన గీత స్త్రీపురుషుల నడుమ గీచిన గీతకంటె తక్కువది కాదు. గిండీ కళాశాల ద్వారము 1940లో తెరువబడగా, తెలంగాణమున స్తంభము చెంతకు స్త్రీ చేరుటకు మఱి ఎనుబది సంవత్సరములు పట్టెను.

2019లో తెలంగాణ దక్షిణ విద్యుత్ పంపిణీ సంస్థ 2,500 జూనియర్ లైన్‌మన్ ఉద్యోగములకు ప్రకటన వెలువరించెను. పదవ తరగతితో పాటు విద్యుచ్ఛాఖలో ఐ.టి.ఐ. ఉత్తీర్ణత కావలెనని అందు కలదు. స్త్రీలు అర్హులు కారనియు కలదు. ఐ.టి.ఐ.లో చేర్చుకొని రెండేండ్లు తీగెపని నేర్పి, పట్టా యిచ్చి, పని యడుగ వచ్చినప్పుడు త్రిప్పి పంపుట ఎట్టి న్యాయమో చెప్పుట కష్టము. ప్రభుత్వోద్యోగములలో స్త్రీపురుష భేదము చూపరాదని రాజ్యాంగము 16వ అధికరణమున స్పష్టముగా చెప్పుచున్నది.

సిద్దిపేట జిల్లాకు చెందిన బబ్బూరి శిరీష ఐ.టి.ఐ. చదివిన యువతి. ఆమెయు, మరికొందరు యువతులును రాష్ట్రోన్నత న్యాయస్థానమును ఆశ్రయించిరి. వారి దరఖాస్తులను స్వీకరింపవలసినదని న్యాయస్థానము ఆజ్ఞాపించెను. వ్రాతపరీక్ష జరిగెను. పిదప స్తంభ మెక్కు పరీక్షవద్ద వ్యవహారము మరల నిలిచెను. ఈ పని స్త్రీలవలన కాదనుటకు సంస్థ చేతిలో ఉన్న ప్రమాణము ఆ పరీక్షయే కదా! పరీక్షింపకయే కాదనుట తగవు కాదు. 2020 ఫిబ్రవరిలోనే సుప్రీంకోర్టు సైన్యమునందలి మహిళాధికారులకు శాశ్వత నియామకము నిరాకరింపరాదని తీర్పు చెప్పియుండెను. అదే సంవత్సరము డిసెంబరులో ఇద్దరు యువతులకు స్తంభారోహణ పరీక్ష జరుపవలసినదని హైకోర్టు ఆదేశించెను.

ఆ నెలలోనే పరీక్ష జరిగెను. ఇద్దరును స్తంభ మెక్కిరి, దిగిరి. ఏడాదికి పైగా కాగితములపై సాగిన వాదము ఆ కొలది నిమిషములలో తేలిపోయెను. 2021 మే నెలలో శిరీష రాష్ట్ర విద్యుచ్ఛక్తి మంత్రి చేతి మీదుగా నియామకపత్ర మందుకొని, తెలంగాణమున తొలి లైన్‌వుమన్ అని పేరుగాంచెను.

పనిలో చేరినంతమాత్రమున కష్టములు తీరవు. ఇందుకు అమెరికాదేశపు ఉదాహరణ మొకటి కలదు. సియాటిల్ నగరపు విద్యుత్ సంస్థ 1974లో పదిమంది స్త్రీలను తీగెపని, యంత్రపని నేర్చుటకు శిక్షణలో చేర్చుకొనెను. మరుసటి సంవత్సరమే ఆ పథకము నిలిచిపోయి వారిలో పెక్కురు ఉద్యోగములు కోల్పోయిరి. వారు ఊరకుండక ఫిర్యాదు చేసి, విచారణానంతరము మరల పనిలో ప్రవేశించిరి. అచ్చట వారికి స్తంభముకంటె సాటి పనివారి ముఖములే కఠినముగా నుండెను. అప్రెంటిసు విద్య పుస్తకమునుండి వచ్చునది కాదు. ప్రక్కనున్న పెద్దవాని చేతినుండి వచ్చును. అతడు ముడి వేయు విధము చూపనిచో, 'అటు చేయి పెట్టవద్దు' అని సకాలమున హెచ్చరింపనిచో, క్రొత్తవారికి ఆ ఎత్తున కలుగు నష్టము చిన్నది కాదు.

ఇక పరికరముల సంగతి. రబ్బరు చేతొడుగు చేతికి వదులైనచో బోల్టు బిగియదు. వదులుగానున్నదని దానిని తీసివేసినచో ప్రాణమునకే ముప్పు. నడుముపట్టీ నడుమునకు సరిపోవలెను. వీనిలో పెక్కు బహుకాలము పురుషుల కొలతలతోనే తయారైనవి. క్షేత్రమున పనిచేయువారికి శౌచాలయము, రాత్రిపూట పిలుపునకు వెళ్లునప్పుడు తోడు, వాహనము ఏర్పరచుటయు సంస్థ బాధ్యతయే. ఇవి స్త్రీలకు చేయు దయ కావు. చేతికి సరిపడు చేతొడుగును, చీకటిలో తోడును పురుషులకును అవసరమే, లేక మరణించినవారు వారిలోనే ఎక్కువ. లైన్ క్లియర్ తీసికొని, స్విచ్చి కత్తులను చూచి, తీగెను భూమితో కలిపిన పిదపనే కాలు స్తంభముపై మోపవలెనను నియమము మాత్రము ఎక్కువారు ఎవరైనను ఒక్కటియే.