చచ్చినవాడి కళ్ళు చారడేసి – జిమ్ మారిసన్, అతని అభిమానులు

"చచ్చినవాడి కళ్ళు చారడేసి" అని మనలో ఒక సామెత వుంది. బతికున్నన్నాళ్ళూ అవి మామూలు కళ్ళే. మనిషి పోయిన మర్నాటి నుంచీ చారడేసి అయిపోతాయి! ఈ సామెతలో ఎగతాళి వున్నమాట నిజమే. కాని కాస్త ఆలోచిస్తే అందులో ఒక దిగులు కూడా వుందనిపిస్తుంది నాకు. పోయినవాణ్ణి వున్నవాడు వున్నట్టుగా గుర్తుంచుకోవటం ఎంత కష్టమో అది చెబుతోంది.

ఒక కళాకారుడు చనిపోయిన తరువాత అతని అభిమానులు అతన్ని ఏం చేసుకుంటారు? ఇదీ ఈ వ్యాసంలో నేను పరిశీలించదలచిన ప్రశ్న. ఉదాహరణకి అమెరికన్ రాక్ గాయకుడు జిమ్ మారిసన్‌ని తీసుకుంటున్నాను. అతని పాట ఒక్కటి కూడా వినని విద్యార్థులు సైతం చొక్కా లేకుండా, చేతులు చాపి నిలబడ్డ అతని బొమ్మని టీషర్టుల మీద వేసుకు తిరగటం మనం చూస్తూనే వున్నాం. అంటే పాట కన్న బొమ్మ ముందు చేరిందన్న మాట. ఇలా ఎందుకు జరిగింది?

ఆ కాలం, ఆ నలుగురు

"సైకెడెలిక్" అనే మాటని 1956లో హంఫ్రీ ఆస్మండ్ అనే మనోవైద్యుడు, రచయిత ఆల్డస్ హక్స్‌లీతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరాల్లో తయారు చేశాడు. రెండు గ్రీకు మాటలు కలిపి చేసిన పదం అది. మనసుని బయటపెట్టేది అని దాని అర్థం. ఎల్.ఎస్.డి. వంటి మందులు మనిషిలో కలిగించే మార్పులకి పెట్టిన ఆ పేరు, పదేళ్ళు తిరిగేసరికి ఒక సంగీతానికీ, ఒక వేషానికీ, మొత్తం ఒక తరానికీ పేరయి కూర్చుంది. ఆ తరంలో చాలామంది గాయకులు వెలుగుని గురించి, పువ్వులని గురించి పాడుతుంటే, మారిసన్ చీకటి గురించీ చావు గురించీ పాడాడు. అతని ప్రత్యేకత అక్కడే వుంది.

మారిసన్ 1943 డిసెంబర్ 8న ఫ్లారిడా రాష్ట్రంలో పుట్టాడు. తండ్రి నౌకాదళంలో అధికారి. 1964 ఆగస్టులో టాంకిన్ సింధుశాఖ సంఘటన జరిగినప్పుడు ఆ ప్రాంతంలోని అమెరికన్ నౌకాబలగానికి నాయకత్వం వహించింది ఆయనే. వియత్నాం యుద్ధాన్ని ముదిరేలా చేసిన సంఘటన అది. కొడుకేమో నాలుగేళ్ళ తరువాత యుద్ధంలో చచ్చిపోయిన అజ్ఞాత సైనికుడి మీద పాట కట్టాడు! ఒకే ఇంట్లో రెండు శతాబ్దాలు కాపురం చేసినట్టు లేదూ?

1965లో కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో సినిమా చదువు పూర్తి చేసిన మారిసన్, అదే ఏడు లాస్ ఏంజెలెస్ సముద్రపుటొడ్డున తన సహాధ్యాయి రే మాంజరెక్‌కి తాను రాసుకున్న పాటలు వినిపించాడు. గ్రూపు మొదలయింది అక్కడే. డ్రమ్ములు వాయించే జాన్ డెన్స్‌మోర్, గిటార్ వాయించే రాబీ క్రీగర్ మాంజరెక్‌కి ఎక్కడ దొరికారో తెలుసా? మహర్షి మహేశ్ యోగి ధ్యాన తరగతుల్లో! గ్రూపుకి "ది డోర్స్" అని పేరు పెట్టారు. హక్స్‌లీ 1954లో రాసిన పుస్తకం పేరులోంచి తీసుకున్నది అది. హక్స్‌లీకి ఆ పేరు ఆంగ్లకవి విలియం బ్లేక్ దగ్గర దొరికింది. ఇంగ్లీషు సాహిత్యం చదివే మన విద్యార్థులు ఈ దారి గమనించాలి. పద్ధెనిమిదో శతాబ్దపు కవి మాట ఇరవయ్యో శతాబ్దంలో రాక్ గ్రూపు అయింది.

ఇక్కడ ఒక ముఖ్యమైన సంగతి. 1967 వేసవిలో ఈ గ్రూపుని దేశమంతటికీ తెలియజేసిన పాట "లైట్ మై ఫైర్". అమెరికా పాటల పట్టికలో మూడు వారాలు మొదటి స్థానంలో నిలిచింది. దాన్ని ప్రధానంగా రాసింది మారిసన్ కాదు, క్రీగర్. మొదట్లో బాఖ్‌ని గుర్తు చేసే ఆర్గాన్ వరస మాంజరెక్‌ది. వేదిక మీద ఈ గ్రూపుకి వేరే బేస్ గిటార్ వాద్యగాడు లేడు. మాంజరెక్ ఎడమచెయ్యి మంద్రస్వరాలు పలికిస్తుంటే, కుడిచెయ్యి ఆర్గాన్ వాయించేది. డెన్స్‌మోర్ జాజ్ వినుకుంటూ పెరిగినవాడు. క్రీగర్ స్పెయిన్ దేశపు ఫ్లమెంకో పద్ధతి నేర్చినవాడు. "ది ఎండ్" అనే సుదీర్ఘ గీతంలో అతని గిటార్ మన తంబురా శ్రుతిని తలపిస్తుంది.

పాటల రాబడిలో నలుగురికీ సమాన వాటా అనీ, ఏ నిర్ణయమైనా నలుగురూ ఒప్పుకుంటేనే జరగాలనీ వాళ్ళ ఒప్పందం. ఆ ఒప్పందం మారిసన్‌కి ఇష్టమైన పద్ధతి. మరి అభిమానుల జ్ఞాపకంలో ఏమయింది? నలుగురు పోయి ఒక్కడు మిగిలాడు. చారడేసి కళ్ళ మొదటి నష్టం ఇదే. పక్కవాళ్ళు కనబడరు.

పతనం

తరువాత కథ చాలామందికి తెలిసిందే. మందుల కంటే మద్యం అతన్ని ఎక్కువ పాడుచేసింది. 1969 మార్చి 1న మయామీ కచేరీలో తాగి వచ్చి అసభ్యంగా ప్రవర్తించాడని కేసు పెట్టారు. 1970లో ఆరు నెలల జైలు, 500 డాలర్ల జరిమానా విధించారు. అప్పీలు నడుస్తుండగానే 1971లో పారిస్ వెళ్ళాడు. కవిగా బతకాలని అతని కోరిక. 1970లోనే అతని కవితలు పుస్తకంగా వచ్చాయి కూడా. కాని 1971 జులై 3న పారిస్‌లో అద్దె ఇంటి స్నానాల తొట్టెలో చనిపోయి కనిపించాడు. వయసు 27. గుండె ఆగి మరణించాడని కాగితాల మీద రాశారు. శవపరీక్ష చెయ్యలేదు. జులై 7న గుప్పెడు మంది సమక్షంలో పేర్ లాషేజ్ శ్మశానంలో పూడ్చిపెట్టారు. లోకానికి వార్త తెలిసింది ఆ తరువాతే.

శవాన్ని చూసినవాళ్ళు కొద్దిమందే, పరీక్ష జరగలేదు, వార్త ఆలస్యంగా వచ్చింది. ఇంకేం కావాలి? "అతను చావలేదు, ఎక్కడో బతికే వున్నాడు" అనే పుకారు పుట్టటానికి ఇంతకన్న మంచి నేల దొరకదు. సాక్ష్యం లేనిచోట కోరిక వచ్చి సాక్ష్యం కుర్చీలో కూర్చుంటుంది. మోసం చెయ్యాలని కాదు, ప్రేమ కొద్దీ.

ఇరవయ్యేడు అనే అంకె

ఆ ప్రేమే ఇంకొక నమ్మకాన్ని కూడా పుట్టించింది. బ్రయన్ జోన్స్ 1969 జులై 3న, జిమీ హెండ్రిక్స్ 1970 సెప్టెంబర్ 18న, జానిస్ జాప్లిన్ అదే ఏడు అక్టోబర్ 4న పోయారు. అందరికీ 27 ఏళ్ళే. మారిసన్ సరిగ్గా జోన్స్ పోయిన తేదీకే పోయాడు. దీనితో 27 అనే అంకెకి ఏదో శాపం వుందనీ, మహాకళాకారులు ఆ వయసుకే వెళ్ళిపోతారనీ ఒక కథ తయారయింది.

ఈ కథని లెక్కవేసి చూసినవాళ్ళు వున్నారు. 1956 నుంచి 2007 వరకు బ్రిటన్‌లో మొదటి స్థానానికి చేరిన ఆల్బముల సంగీతకారులు 1046 మందిని తీసుకుని, బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో 2011లో ఒక పరిశోధన ప్రచురించారు. 27వ ఏట ప్రత్యేకమైన ప్రమాదమేమీ లేదని తేలింది. అయితే ఇరవైల్లోనూ ముప్ఫైల్లోనూ వున్న ఈ సంగీతకారులు ఆ వయసు మామూలు జనం కన్న రెండు మూడు రెట్లు ఎక్కువగా చనిపోతున్నారని కూడా తేలింది. అంటే శాపం అంకెలో లేదు, ఆ బతుకులో వుంది. శాపం అనుకుంటే చేతులు కట్టుకు కూర్చోవచ్చు. బతుకు అనుకుంటే మాత్రం తాగి పడిపోతున్న స్నేహితుణ్ణి ఇంటికి చేర్చే బాధ్యత మన నెత్తిన పడుతుంది. అందుకే కాబోలు, మనకి శాపాలంటేనే ఇష్టం!

ఇంకో సంగతి. బ్రయన్ జోన్స్ పోయినప్పుడు మారిసనే అతని మీద కవిత రాసి, అచ్చు వేయించి, ఆ నెలలో లాస్ ఏంజెలెస్‌లో జరిగిన తన ప్రదర్శనకి వచ్చినవాళ్ళకి పంచాడు. అతనూ ఒకప్పుడు మనలాగే పోయినవాణ్ణి తలచుకున్న అభిమాని అన్నమాట.

సమాధి మీద రాతలు

పేర్ లాషేజ్ 1804లో మొదలయిన శ్మశానం. బాల్జాక్, షోపెన్, ఆస్కార్ వైల్డ్ అక్కడే వున్నారు. ఆ శ్మశానం నేను చూడలేదు. ఫొటోలు చూశాను, చదివాను. మొదట్లో మారిసన్ సమాధికి సరైన గుర్తు కూడా లేదు. దారి తెలియటానికి అభిమానులు చుట్టుపక్కల సమాధుల మీద బాణం గుర్తులు గీశారు, పేర్లు రాశారు, పద్యాలు రాశారు. ఆ సమాధుల కింద వున్నవాళ్ళు కూడా ఎవరికో తండ్రులు, ఎవరికో బిడ్డలు. వాళ్ళని తలచుకోవటానికి వచ్చినవాళ్ళకి కనబడింది వేరొకడి పేరు!

పదో వర్ధంతికి, 1981లో, మ్లాడెన్ మికులిన్ అనే క్రొయేషియా శిల్పి పాలరాతి ముఖప్రతిమ చెక్కి అక్కడ పెట్టాడు. అభిమానులు దాని మీద రంగులు పూశారు. జ్ఞాపకంగా వుంటుందని ముక్కూ మూతీ చెక్కుకుపోయారు. చివరికి 1988లో వంద కిలోలకు పైబడిన ఆ విగ్రహమే మాయమయింది. 1991లో ఇరవయ్యో వర్ధంతినాడు గుమిగూడిన జనాన్ని చెదరగొట్టటానికి పోలీసులు బాష్పవాయువు ప్రయోగించవలసి వచ్చింది. తరువాత సమాధి చుట్టూ ఇనుప అడ్డు కట్టారు. పక్కనున్న చెట్టుకి నమిలిన చూయింగ్ గమ్ములు అతికించటం మొదలు పెడితే, ఆ చెట్టుకీ తడిక చుట్టవలసి వచ్చింది. మాయమైన విగ్రహం 37 ఏళ్ళ తరువాత, 2025 మే నెలలో, పారిస్ పోలీసులు వేరే కేసు దర్యాప్తు చేస్తుంటే అనుకోకుండా దొరికింది.

ముక్కు చెక్కుకుపోయినవాడికి మారిసన్ మీద ద్వేషం లేదు సుమా! ప్రేమే. కాని "నాకు ఒక ముక్క కావాలి" అనే ప్రేమ అది. వేలమంది తలా ఒక ముక్క తీసుకుంటే మిగిలేది మొహంలేని రాయి. మనం చేసే కథలూ అంతే. తలా ఒక కథ చెక్కుకుపోతే అసలు మనిషి మిగలడు.

ఇద్దరు తలచుకున్న పద్ధతి

మరి సరైన పద్ధతి ఏది? నాకు ఇద్దరు కనబడుతున్నారు.

మొదటివాడు డెన్స్‌మోర్. 1968లో ఒక కార్ల కంపెనీ ప్రకటన కోసం పాట అడిగితే, తక్కిన ముగ్గురూ ఒప్పుకున్నా మారిసన్ మండిపడ్డాడు. మారిసన్ పోయిన మూడు దశాబ్దాల తరువాత మరొక కార్ల కంపెనీ కోటి డాలర్లకు పైగా ఇస్తామంది. డెన్స్‌మోర్ వద్దన్నాడు. నలుగురూ ఒప్పుకోవాలన్న పాత ఒప్పందంలో నాలుగోవాడి ఓటు ఇంకా వుందన్నట్టు నడుచుకున్నాడు. మారిసన్ లేకుండా గ్రూపు పేరు వాడుకోవటం తగదని తన మిత్రుల మీదనే దావా వేశాడు. 2005లో కోర్టు అతని పక్షాన తీర్పు చెప్పింది. ఏళ్ళ తరబడి స్నేహం చెడింది. 2013లో మాంజరెక్ మరణించాడు. 2016లో డెన్స్‌మోర్, క్రీగర్ మళ్ళీ ఒకే వేదిక ఎక్కి, మాంజరెక్ స్మృతికి, కాన్సర్ పరిశోధన నిధికి వాయించారు. జ్ఞాపకం అంటే కన్నీళ్ళు ఒక్కటే కాదు, ఒక్కొక్కప్పుడు నష్టపోవటం కూడా.

రెండవవాడు తండ్రి. 1967లో రికార్డు కంపెనీ ప్రచార కాగితంలో తన తల్లిదండ్రులు చనిపోయారని రాయించాడు మారిసన్. వాళ్ళు నిక్షేపంలా బతికే వున్నారు! కొడుకు పాటల్ని తండ్రి మెచ్చుకున్నదీ లేదు. కాని 1990ల తొలిరోజుల్లో ఆ సమాధి మీద కొత్త పలక పెట్టించి, దాని మీద కొన్ని గ్రీకు మాటలు చెక్కించింది ఆ తండ్రే. తనలోని చోదకశక్తిని అనుసరించి బతికాడు అని దాని భావం. గొప్పవాడన్లేదు, చెడ్డవాడన్లేదు, నావాడన్లేదు. కళ్ళు చారడేసి చెయ్యలేదు, చిన్నవీ చెయ్యలేదు. తనని చచ్చినవాడిగా ప్రకటించిన కొడుకుని ఆ తండ్రి అంత నిదానంగా కొలిచాడు. ఆయన 2008లో కన్నుమూశాడు. మయామీ కేసులో ఫ్లారిడా ప్రభుత్వం 2010 డిసెంబర్‌లో మారిసన్‌కి క్షమాభిక్ష ఇచ్చింది. తండ్రి అది చూడలేదు.

మనకి ఏమిటి?

కాలేజీల్లో మనమూ సంస్మరణ సభలు పెడతాం. ఫొటోకి దండ వేస్తాం, "తీరని లోటు" అంటాం, కాఫీ తాగి వెళ్ళిపోతాం. ఎవరినైనా తలచుకునే ముందు మూడు ప్రశ్నలు వేసుకుంటే బాగుంటుందని నా మనవి. ఆ మనిషి పక్కన పనిచేసినవాళ్ళు మన మాటల్లో కనబడుతున్నారా? అతని తప్పుని శాపమనో లీల అనో మార్చి చెబుతున్నామా? అతని పనిని మనం నిజంగా చదివామా, విన్నామా?

మూడో ప్రశ్నకి జవాబు చెప్పుకోవాలనుకునే విద్యార్థి మిత్రులకి ఒక చిన్న పని అప్పగిస్తున్నాను. డోర్స్ మొదటి ఆల్బం 1967 జనవరిలో వచ్చింది. దాన్ని రెండుసార్లు వినండి. మొదటిసారి మారిసన్ గొంతు వినండి. రెండోసారి గొంతుని పక్కన పెట్టి ఆర్గాన్, గిటార్, డ్రమ్ములు వినండి. పాట మధ్యలో గొంతు ఆగిన చోట ఆ ముగ్గురూ ఏం చేస్తున్నారో గమనించండి. టీషర్టు మీది బొమ్మ ఆ తరువాత మీ కంటికి ఎలా కనబడుతుందో, వచ్చే సంచికలో మీరే రాయండి.