రేపు లేదంటే, ఇవాళ ఎవరింటికి వెళ్తావే?

చెల్లాయిలూ, ఈసారి ముచ్చట కాస్త గుబులుగా మొదలవుతుంది. కంగారు పడకండి, పోను పోను తేలికపడుతుంది.

రేపల్లెలో నాకు చెల్లెలు వరసయ్యే అమ్మాయి ఫోన్ చేసి ఒకటే గోల. "అక్కా, ఇంటర్ చదివే పిల్ల హాస్టల్ నుంచి పండక్కి ఇంటికొచ్చిందని సంబరపడ్డాను. అదేమో మంచమ్మీద బోర్లా పడుకుని పొద్దస్తమానం ఒకటే నవల. ఏం కథే అది అంటే, 'చివర్లో ఇద్దరూ చచ్చిపోతారమ్మా' అంటుంది. పుస్తకం పేరే అదిట! శుభమా అని పండగ పూట ఈ చావు పుస్తకాలేంటక్కా? లాక్కుని బీరువాలో పడెయ్యనా?"

వద్దు తల్లీ. నువ్వు బీరువాలో పెడితే అది ఫోన్లో చదువుతుంది. అంతకన్నా నువ్వే ఓసారి చదివితే పోలా? తీరిక లేదంటావు, తెలుసు. అందుకేగా నేనున్నది. మిగతావాళ్ళు కూడా దగ్గరికి జరగండి, కథ చెప్తాను.

ఆ నవల 'దే బోత్ డై ఎట్ ది ఎండ్'. ఆడమ్ సిల్వేరా అనే అమెరికా రచయిత రాశాడు, 2017లో వచ్చింది. తర్వాత కరోనా రోజుల్లో, చదివిన పిల్లలు చిన్న చిన్న వీడియోల్లో కళ్ళు తుడుచుకుంటూ చెప్పుకోవడంతో మళ్ళీ ఊపందుకుని బోలెడు అమ్ముడైంది. అందులో డెత్‌కాస్ట్ అని ఒక కంపెనీ ఉంటుంది. ఎవరికి ఆ రోజుతో నూకలు చెల్లుతాయో వాళ్ళకి అర్ధరాత్రి దాటాక ఫోన్ చేసి చెప్పేస్తుంది. ఏ గంటకి, ఎలా అన్నది మాత్రం చెప్పదు. మాటేయోకి పద్ధెనిమిదేళ్ళు, రూఫస్‌కి పదిహేడు. ఇద్దరిదీ న్యూయార్కే, కానీ ఒకరికొకరు తెలియదు. 2017 సెప్టెంబరు 5న తెల్లవారకముందే ఇద్దరికీ ఫోన్ వస్తుంది.

మాటేయో తల్లి వాడు పుట్టగానే పోయింది. తండ్రి స్పృహ లేకుండా ఆసుపత్రిలో ఉన్నాడు. రూఫస్ అమ్మానాన్నల్నీ అక్కనీ కారు ప్రమాదంలో పోగొట్టుకుని, పరాయి పంచన పెరుగుతున్నాడు. ఆఖరి రోజు తోడు కావాలనుకునేవాళ్ళ కోసం ఆ కథలో ఒక యాప్ ఉంటుంది. దాంట్లో కలుస్తారు ఇద్దరూ. ఆ ఒక్క రోజులో ముందు స్నేహం, సాయంత్రానికి ప్రేమ. ఇద్దరూ మగపిల్లలే కదా అని నొసలు చిట్లించేవాళ్ళుంటే చిట్లించండి. చదువుతుంటే మాత్రం నాకు ఆ పిల్లల ఒంటరితనమే కనిపించింది.

పోతామని తెలిశాక వాళ్ళు ఎక్కడెక్కడికి వెళ్ళారో చూడండి. స్పృహలేని తండ్రి మంచం దగ్గరికి. చంటిబిడ్డతో ఉన్న స్నేహితురాలి ఇంటికి. తల్లి సమాధి దగ్గరికి. ఎప్పుడూ నలుగురిలో నోరు విప్పని మాటేయో, ఆ రాత్రి అందరి ముందూ నిలబడి పాట పాడతాడు. అంతే. లంకెబిందెలు తవ్వుకోలేదు, ప్రపంచం చుట్టి రాలేదు.

ఇందులో నాకు బాగా నచ్చింది మొదటి భాగం. ఫోన్ రాగానే మాటేయో తలుపు గడియ పెట్టుకుని ఇంట్లోనే కూర్చుంటాడు. బయటికెళ్తే ఏ రూపంలో వచ్చి మీద పడుతుందో అని భయం. చదువుతూ నాలో నేనే నవ్వుకున్నాను. ఎందుకంటారా? ఈ పిల్లాడు మనకి పాత చుట్టమే. పరీక్షిత్తు కాదూ!

మీకు పరీక్షిన్మహారాజు కథ తెలుసు. ముని మెడలో చచ్చిన పామును వేశాడు, ముని కొడుకు శపించాడు, ఏడు రోజుల్లో తక్షకుడు కాటేస్తాడన్నాడు. ఆ సంగతి రాజుకి కబురు పంపింది ఎవరనుకున్నారు? ఆ మునే, శమీకుడు. తన మెడలో పాము వేసినవాడికే, నీకు గడువు ఇంతే నాయనా అని శిష్యుడితో చెప్పించాడు. మన మొదటి డెత్‌కాస్ట్ ఆయనదే. అయితే కబురందాక రాజు ఏం చేశాడన్నది ఒక్కో పుస్తకంలో ఒక్కో తీరు. భారతంలో ఒంటిస్తంభం మేడ కట్టించుకుని, చుట్టూ కాపలా పెట్టించుకుని దాక్కున్నాడు. పండులో పురుగై పాము వచ్చేసింది. భాగవతంలో మాత్రం రాజ్యం కొడుక్కి అప్పజెప్పి, గంగ ఒడ్డున నలుగురి మధ్య కూర్చుని, శుకమహర్షిని అడిగాడు, పోయే ముందు మనిషి చెయ్యాల్సిందేమిటని. ఆ ప్రశ్నకి జవాబుగా పుట్టిందే భాగవతమంతా. మన ఇళ్ళలో పెద్దవాళ్ళు పోతన గారి పద్యాలు నోటికి చెప్పుకున్నది ఈ చావు కబురు పుణ్యమా అనే. ఇప్పుడు చెప్పండి, చావు కథలు అశుభమని ఎవరన్నారు?

మాటేయో కూడా భారతం పరీక్షిత్తులా మొదలై భాగవతం పరీక్షిత్తులా ముగిశాడు. గడియ తీసి బయటికి రావడమే ఆ నవలంతా.

ఈ ఏడు రోజుల లెక్క ఇంకో పుస్తకంలోనూ ఉంది. లారెన్ ఆలివర్ రాసిన 'బిఫోర్ ఐ ఫాల్', 2010లో వచ్చింది. సామ్ అనే అమ్మాయి కారు ప్రమాదంలో పోతుంది. కళ్ళు తెరిస్తే మళ్ళీ అదే పొద్దు, అదే రోజు. అలా ఏడుసార్లు. మొదట్లో తప్పించుకోవాలని చూస్తుంది, తర్వాత విచ్చలవిడిగా తిరుగుతుంది. పోను పోను తెలిసొస్తుంది, తనూ తన స్నేహితురాళ్ళూ కలిసి బళ్ళో ఒకమ్మాయిని ఎన్నేళ్ళుగా ఏడిపించారో. ఏడో నాటికి తన ప్రాణం కన్నా ఆ పిల్ల ప్రాణమే ముఖ్యమవుతుంది. మన ఆడపిల్లల హాస్టళ్ళలో ఒకరిని పట్టుకుని పదిమంది ఆటపట్టించడం ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పాలా? నన్నడిగితే మన పిల్లలకి మొదట ఇవ్వాల్సింది ఈ పుస్తకం.

"అక్కా, అమెరికా కథలే చెప్తావు, మనకి లేవా?" అంటారేమో. లేకేం! 1989లో మనమంతా హాలుకి కట్టకట్టుకుని వెళ్ళి చూసిన 'గీతాంజలి' ఏమిటి మరి? రోజులు దగ్గరపడ్డ అబ్బాయి, రోజులు దగ్గరపడ్డ అమ్మాయి. మణిరత్నం గారు వాళ్ళ చావు చూపించకుండానే సినిమా ముగించేశారు. అంతకు ముందు తరం ఏడ్చింది దేవదాసు కోసం. ఆఖరి రాత్రి, ఒళ్ళు సహకరించకపోయినా, ఎడ్లబండిలో పడి పార్వతి ఊరికి వెళ్ళి, ఆ ఇంటి ముందు ప్రాణం విడిచాడు. ఆఖరి రోజు ఎక్కడికి వెళ్ళాలో అతనికీ ఎవరూ చెప్పనక్కర్లేకపోయింది. కాకపోతే బతికున్న రోజుల్లో వెళ్ళాల్సిన ఇల్లది. అప్పుడు వెళ్ళలేదు, అదీ ఏడుపు.

ఆ దేవదాసుని రాసిన శరత్‌బాబు నవలల్ని మనకి తెలుగులో చదివించిన చక్రపాణి గారిది తెనాలి అని మీకు గుర్తు చెయ్యాలి. ఇది మన ఊరి గొప్ప చెప్పుకోవడానికి కాదు, ఈ ముచ్చటకి అసలు ప్రాణం ఇక్కడే ఉంది. ఆయన 1908లో పుట్టారు. ఇరవై నాలుగేళ్ళ ప్రాయంలో క్షయ పట్టుకుంది. అప్పటికి క్షయకి పనిచేసే మందే పుట్టలేదు. ఆయన చేరిన మదనపల్లె శానిటోరియం అంటే, వెళ్ళినవాళ్ళు తిరిగొస్తారో రారో అనుకునే రోజులవి. మరి ఆ మంచం మీద ఈ తెనాలి కుర్రాడు చేసిన పని ఏమిటనుకున్నారు? బెంగాలీ నేర్చుకున్నాడు! రేపు ఉంటామో లేదో తెలియని మనిషి కొత్త భాషకి అక్షరాలు దిద్దుకున్నాడు. ఆయన పోయింది 1975లో. ఈ మధ్యలోనే శరత్ నవలలు, నాగిరెడ్డి గారితో కలిసి 1947లో 'చందమామ', 'మిస్సమ్మ', 'మాయాబజార్'. ఆఖరు అనుకున్నది ఆఖరు కాకపోతే ఎంత మిగిలి ఉంటుందో చూశారా!

ఆఖరు కాని ఆఖరు రోజులు మనవాళ్ళకి కొత్తేం కాదు. 1979 జులైలో స్కైలాబ్ పడుతుందని గగ్గోలు. అమెరికా వాళ్ళు ఆకాశంలోకి పంపిన ఆ ప్రయోగశాల నెత్తిన పడి అందరం పోతామని, తెలుగు పల్లెల్లో కోళ్ళూ మేకలూ కోసుకు తిన్నవాళ్ళూ, ఉన్నవి అమ్మి ఖర్చుపెట్టిన వాళ్ళూ ఎందరో. జులై 11న అది హిందూ మహాసముద్రంలోనూ ఆస్ట్రేలియాలోనూ ముక్కలై పడింది. మర్నాడు పొద్దున ఊళ్ళన్నీ ఉన్నాయి, కోళ్ళే లేవు. 2021లో 'స్కైలాబ్' అని సినిమా కూడా తీశారు, కరీంనగర్ వైపు పల్లె కథగా. పిల్లలతో కూర్చుని చూడండి, నవ్వుకుంటారు.

నవ్వు రాని రోజు కూడా మన తీరానికి ఉంది. 1977 నవంబరు 19, శనివారం. దివిసీమ ఉప్పెన. బాపట్ల, రేపల్లె వైపు పెద్దవాళ్ళని కదిపితే ఇప్పటికీ గొంతు మారుతుంది. పది వేల మందికి పైగా పోయారు. హెచ్చరిక పల్లెలకి అందాల్సినట్టు అందలేదు. అది ఆఖరి రోజని తెలియకుండానే ఆ పొద్దున పొయ్యి రాజేసుకున్నారు, చేలోకి వెళ్ళారు. 2023 డిసెంబరు 5న మిచౌంగ్ తుఫాను సరిగ్గా బాపట్ల దగ్గరే తీరం దాటింది. ఈసారి ముందునుంచే ఫోన్లు మోగాయి, తీరం పల్లెల వాళ్ళని తరలించారు. కోతకొచ్చిన వరి పోయింది, రైతు గుండె పగిలింది. కానీ మనుషులు మిగిలారు.

మాటేయో నవలకీ మన తీరానికీ తేడా ఇక్కడే. కథలో ఫోన్ వస్తే ఇక తప్పదు. బతుకులో హెచ్చరిక వచ్చేది తప్పించుకోవడానికే. పిల్లలు ఈ పుస్తకాలు చదివితే నాకు బెంగ లేదు గానీ, ఈ తేడా మటుకు ఎవరో ఒకరు వాళ్ళకి చెప్పాలి. ముఖ్యంగా మార్కులే మనుషులని నమ్మించే చదువుల్లో ఉన్న మన ఇంటర్ పిల్లలకి. ఒక పరీక్ష పోతే అదే డెత్‌కాస్ట్ ఫోన్ అనుకునే వయసది. కాదమ్మా, అది తుఫాను హెచ్చరిక. లేచి, ఇంకో ఒడ్డుకి నడవాలి. అంతే.

రేపల్లె చెల్లెలికి నేను చెప్పింది ఒకటే. పుస్తకం లాక్కోకు, పక్కన కూర్చుని అడుగు, "రేపు లేదంటే, ఇవాళ ఎక్కడికి వెళ్తావే?" అని. అడిగిందట. పిల్ల ఠక్కున చెప్పిందట. పొద్దున్నే రైలెక్కి తెనాలిలో నాయనమ్మ దగ్గరికి, ఆవిడ చేతి పులిహోర తిని, బాపట్లలో ఉండే పాత స్నేహితురాలి ఇంటికి. ఇద్దరికీ ఏదో మాటా మాటా వచ్చి ఏడాది నుంచి మాటల్లేవట. మాట కలుపుకుని, ఇద్దరూ కలిసి సూర్యలంక వెళ్ళి అలల్లో తడవాలట. రాత్రికి మళ్ళీ అమ్మ దగ్గరికే. "ఆ పిల్లతో మాటల్లేవని నాకు తెలియనే తెలియదక్కా" అంది తల్లి. చూశారా, ర్యాంకు ఎంత అని రోజూ అడుగుతాం, ఈ సంగతి ఎప్పుడైనా అడిగామా? ఆఖరి రోజు కథ చదివితే గానీ పిల్ల నోట ఈ మాట రాలేదు.

అడిగినప్పుడు అందరు పిల్లలూ పులిహోరే చెప్పరు. ఎవరైనా, "ఎక్కడికీ వెళ్ళను, పోతే బాగుండు" అన్నారనుకోండి, పిచ్చి మాటలు మాట్లాడకని నోరు మూయించకండి. చచ్చిపోవాలనిపిస్తోందా అని సూటిగా అడగండి. అడిగితే లేని ఆలోచన పుడుతుందన్నది ఉత్త భయం. అడిగితేనే పిల్లలకి మనసు విప్పే దారి దొరుకుతుంది. ఆ పిల్లని ఒంటరిగా వదలకండి. టెలి మానస్ అని ప్రభుత్వ ఫోన్ నంబరు 14416, పగలూ రాత్రీ ఎత్తుతారు, తెలుగులో మాట్లాడతారు. మీరు చేసినా సరే, పిల్లల చేత చేయించినా సరే.

ఇక పుస్తకాల మాట. పెద్దపిల్లలయితే పై రెండు నవలలూ భేషుగ్గా చదవచ్చు. 'బిఫోర్ ఐ ఫాల్'లో తాగుళ్ళూ తిరుగుళ్ళూ ఉన్నాయి, ప్రాణం తీసుకోవాలనుకునే పిల్ల ప్రస్తావనా ఉంది. అందుకని మీరూ చదివి మాట్లాడుకోండి, ఒంటరిగా వదిలెయ్యకండి. మాటేయో కథకి మీరూ ఏడుస్తారు, ఏడవండి, ఏం పోయింది!

చెల్లాయిలూ, ఈ ఆదివారమే మీ పిల్లల్ని ఆ ప్రశ్న అడగండి. వాళ్ళు ఏ ఇంటి పేరు చెప్తారో ఆ ఇంటికి, పరీక్షలయ్యేదాకా ఆగమనకుండా, మీరే వెంటబెట్టుకుని తీసుకెళ్ళండి.