దినచర్య కాలక్రమమున మారు తీరు

దినచర్యను ఒక్కనాట వ్రాసిన గ్రంథమువలె చదువుట మన పరిశోధకులలో తరచుగా కనబడు అలవాటు. ఎవరికొరకు, ఎంతకాలము వ్రాసెనో చూడనిదే అందలి భాషను నిర్ణయింపరాదు.

ఏనుగుల వీరాస్వామయ్య 1830 మే 18న చెన్నపట్టణము విడిచి 1831 సెప్టెంబరు 3న మరలివచ్చెను. మిత్రుడు కోమలేశ్వరపురము శ్రీనివాసపిళ్ల చదువుననుట ఎరిగియే 'కాశీయాత్ర చరిత్ర'ను వ్రాసెను. కావుననే మజిలీలు, బసలు, నీటివసతులు చదువరికి ఉపయోగించునట్లు నాటి వాడుకమాటలలో సాగినవి. 1838లో అది అచ్చుపడునప్పటికి రచయిత జీవించిలేడు. యాత్రతోడనే రచనయు ముగిసెను. మారుటకు వ్యవధి చాలలేదు.

గురజాడ అప్పారావుగారి దినచర్యలు వేరు. అవి పెక్కేండ్లపై విస్తరించినవి, అధికభాగము ఆంగ్లము. వాడుకభాషకై వాదించినవారు తమకొరకు ఆంగ్లమున వ్రాసికొనుట కొందరికి వింతగా తోచవచ్చును. నాకు తోచదు; ఆనాటి విద్యావంతుల కలమునకు అది అలవాటు. ఏండ్ల తరబడి సాగు దినచర్యలో మొదట సంఘటనయే ప్రధానము. పాతపుటలను తిరిగి చదువుకొన మొదలిడిన పిదప రచయిత తనకు తానే పాఠకుడగును. వివరణ తగ్గి సంకేతము పెరుగును.

సూరతునకు మగ్గముల పనికై వలసవచ్చిన తెలంగాణ పద్మశాలి కుటుంబములలో, సచిన్ వంటి చోట్ల, ఎవరేని పద్దుపుస్తకమున తమ మాటలు కూడ వ్రాసికొనియున్నచో, సేకర్తలు పద్దులను తొలగింపక తేదీలతో యథాతథముగా ఉంచవలెను. తెలుగు వాక్యమున గుజరాతీ మాట ఏ యేట చేరెనో తెలుపగలవి ఆ పద్దులే.