పళ్లెం ముందు నేర్వవలసిన పాఠం

ఎవరూ నేర్పకుండానే వచ్చే విద్య భోజనం చేయడం ఒక్కటేనని మనం అనుకుంటాం. శిశువు పుట్టగానే పాలు తాగుతాడు గదా, ఇక తినడంలో నేర్వవలసిందేమున్నదని అడగవచ్చు. కాని ఆకలి స్వభావసిద్ధమైనది, ఆహారపు అలవాటు అభ్యాససిద్ధమైనది. ఏమి తినాలి, ఎంత తినాలి, ఎప్పుడు చాలుననాలి అన్నది మనం ఇంటిలో, వీధిలో, విందులలో తెలియకుండానే నేర్చుకున్న పాఠం. నేర్చుకున్నదానిని దిద్దుకోవడం కూడా సాధ్యమే. శరీరపు బరువు చిరకాలం అదుపులో ఉండాలంటే ఈ దిద్దుబాటే శరణ్యమని విద్యార్థినీ విద్యార్థులకు మనవి చేయడం ఈ వ్యాసం ఉద్దేశం.

తాతగారి పళ్లెం

గోదావరి తీరాన ఉన్న మన చెన్నూరు ప్రాంతంలో ఒకప్పుడు జొన్నరొట్టె, గటక, అంబలి నిత్యాహారం. పొలంలో అరక దున్నిన రైతుకు, మందమర్రి, శ్రీరాంపూర్ గనులలో తట్టా చెమ్మస్‌తో బొగ్గు నింపిన కార్మికునికి కడుపునిండా తిన్నదంతా చెమటగా మారిపోయేది. 1983లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో కిలో రెండు రూపాయల బియ్యం పథకం వచ్చింది. పేదవాని ఇంట ఆకలిని తీర్చిన ఆ మేలు చిన్నది కాదు. అయితే క్రమంగా అన్నమే పళ్లెమంతా ఆక్రమించింది. అరక పోయి ట్రాక్టరు, తట్ట పోయి యంత్రం, నడక పోయి మోటారు సైకిలు వచ్చాయి. పని తగ్గింది గాని పళ్లెం తగ్గలేదు. బొగ్గు నింపిన తాతగారి పళ్లెమే నేడు కూర్చుని సెల్‌ఫోను చూచే మనుమనికి వడ్డిస్తున్నాం.

మన శరీరతత్త్వంలోనూ ఒక విశేషమున్నది. కిలోలలోని బరువును మీటర్లలోని ఎత్తు యొక్క వర్గంతో భాగించగా వచ్చే సంఖ్యను బి.ఎం.ఐ. అంటారు. పుణె వైద్యుడు యాజ్ఞిక్, బ్రిటిష్ వైద్యుడు యుడ్కిన్ 2004లో ‘లాన్సెట్’ పత్రికలో తమ దేహాలనే ఉదాహరణగా చూపారు. ఇద్దరి బి.ఎం.ఐ. 22.3 మాత్రమే. కాని యుడ్కిన్ దేహంలో కొవ్వు 9.1 శాతం కాగా యాజ్ఞిక్ దేహంలో 21.2 శాతం! అందుచేతనే మన దేశంలోని వయోజనులకు 23 దాటితే అధిక బరువుగా, 25 దాటితే స్థూలకాయంగా లెక్కిస్తారు. 160 సెంటీమీటర్ల ఎత్తు గల వ్యక్తికి 59 కిలోల దగ్గరనే హెచ్చరిక గంట మోగుతుందన్నమాట.

తొందరపాటు ఫలితం

నా అనుభవమే చెబుతాను. కొన్నేళ్ల క్రితం రంజాన్ మాసంలో అన్నం పూర్తిగా మానివేసి ఐదు కిలోలు తగ్గాను. మిత్రులు మెచ్చుకున్నారు. ఈద్ నాటి షీర్ ఖుర్మాతో ఆరంభమైన ఉపేక్ష బక్రీద్ నాటికి ఆరు కిలోలను తిరిగి తెచ్చింది. తప్పు ఉపవాసానిది కాదు. ఉపవాసం నేర్పిన నిగ్రహాన్ని మిగిలిన పదకొండు మాసాలకు నేను తీసుకొని పోలేదు.

దీనికి శాస్త్రీయమైన కారణం కూడా ఉన్నది. ఆహారం హఠాత్తుగా తగ్గితే శరీరం దానిని కరువుగా భావించి వ్యయాన్ని తగ్గించుకొంటుంది. అమెరికాలో ఒక టెలివిజన్ పోటీలో వేగంగా బరువు తగ్గిన 14 మందిని ఆరేళ్ల తరువాత పరీక్షించిన పరిశోధన 2016లో వెలువడింది. వారిలో అత్యధికులు తిరిగి బరువు పెరిగారు. విశ్రాంతిలో వారి దేహాలు ఖర్చు చేసే శక్తి మాత్రం ఉండవలసిన దానికన్నా రోజుకు సుమారు 500 కెలోరీలు తక్కువగానే ఉన్నది.

అదే దేశంలో 1994లో మొదలైన మరొక అధ్యయనం, తగ్గిన బరువును నిలుపుకొన్న వారి అలవాట్లను సేకరించింది. వారిలో ఎక్కువమంది ఉదయపు అల్పాహారం మానరు, వారానికొకసారైనా బరువు చూసుకొంటారు, రోజూ దాదాపు గంటసేపు వ్యాయామం చేస్తారు. ఇందులో మంత్రమేమీ లేదు, నిత్యాభ్యాసం మాత్రమే ఉన్నది.

మితమనగా ఎంత?

కడుపులో ఒక వంతు ఆహారానికి, ఒక వంతు నీటికి, ఒక వంతు శ్వాసకు ఉంచుకోవాలని ప్రవక్త ఉపదేశించారని హదీసు చెబుతున్నది. ఒక భాగం ఘనాహారానికి, ఒక భాగం ద్రవానికి, ఒక భాగం వాతపిత్తకఫాల సంచారానికి విడువవలెనని చరక సంహిత బోధిస్తున్నది. వేర్వేరు దేశాల పెద్దలు ఒక్కమాటే చెప్పడం గమనింపదగినది.

హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024లో ప్రకటించిన సూచనలు ఆ మితానికి కొలత చూపుతున్నాయి. రోజుకు 2000 కెలోరీలు అవసరమైన వ్యక్తికి వండకముందు తూకంలో ధాన్యాలు 250 గ్రాములు, పప్పులు 85 గ్రాములు, ఆకుకూరలతో సహా కూరగాయలు 400 గ్రాములు, పండ్లు 100 గ్రాములు, పాలు లేక పెరుగు 300 మిల్లీలీటర్లు, గింజలు 35 గ్రాములు, నూనె 27 గ్రాములు. మన పళ్లెంలో అన్నం కొండగాను, కూర దాని పక్కన గుట్టగాను ఉంటుంది. ఆ రెండింటి స్థానాలు మార్చడమే మొదటి పాఠం.

రెండవ పాఠం చాయ్. రెండేసి చెంచాల చక్కెరతో నాలుగు కప్పులు తాగితే 40 గ్రాముల చక్కెర. 2000 కెలోరీల ఆహారంలో చక్కెర 25 గ్రాములు దాటకుండా ఉండడం మేలని ప్రపంచ ఆరోగ్య సంస్థ మాట. మొదట ఒక చెంచా తగ్గించి, నాలుక అలవాటు పడిన తరువాత రెండవది తగ్గించాలి. మూడవ పాఠం, సెల్‌ఫోను పక్కన పెట్టి, నమిలి, నిదానంగా తినడం. ఒక్కొక్క అలవాటు స్థిరపడిన తరువాతనే మరొకటి చేపట్టాలి. నేను ఈ విధంగా ఏడాదికి ఆరు కిలోలు తగ్గాను. ఈసారి అవి తిరిగి రాలేదు.

తక్కువ తినడం వేరు, సరిగా తినడం వేరు

విద్యార్థినులకు ప్రత్యేకంగా ఒక మాట. సన్నబడాలని రెండు రోజులు చాయ్‌తోనే గడిపిన ఒక అమ్మాయి నా తరగతిలోనే స్పృహతప్పి పడిపోయింది. ‘లంఖణం పరమౌషధం’ అన్న సామెత జ్వరపీడితునికే గాని ఎదిగే పిల్లకు కాదు. 2019–21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం తెలంగాణలో 15 నుంచి 49 ఏళ్ల స్త్రీలలో దాదాపు 30 శాతం మందికి బరువు ఎక్కువ, 57 శాతానికి పైగా రక్తహీనత. కనుక లోపం పరిమాణంలోనే కాదు, గుణంలోనూ ఉన్నది. పప్పు, ఆకుకూర, గుడ్డు, జామపండు పళ్లెంలోకి రావాలి. 160 సెంటీమీటర్ల ఎత్తున్న వయోజనురాలు 47 కిలోలకు దిగితే అది అందం కాదు, అనారోగ్యానికి సూచన.

కమిటీ పెద్దలకు విన్నపం

అలవాట్లు ఉపన్యాసాలతో మారవు, పరిసరాలతో మారుతాయి. విరామ సమయంలో మిరపకాయ బజ్జీ తప్ప మరేమీ దొరకని చోట విద్యార్థిని నిందించి ప్రయోజనం లేదు. ఉడికించిన శనగలు, పల్లీలు, అరటిపండ్లు అదే ధరకు లభించే ఏర్పాటు, చల్లని మంచినీరు, రోజుకు అరగంట ఆటలు, బరువు చూచే ఒక యంత్రం సమకూర్చవలసిందిగా కమిటీ పెద్దలను సవినయంగా కోరుతున్నాను. దీనికి అయ్యే వ్యయం స్వల్పం.

విద్యార్థులారా! అక్షరాలు ఒక్కనాటిలో రాలేదు, దిద్దగా దిద్దగా వచ్చాయి. ఆరోగ్యమూ అంతే. ఈ రాత్రి భోజనంలో ఒక గరిటె అన్నం తగ్గించి ఒక గరిటె కూర పెంచండి. ఓనమాలు అక్కడి నుంచే మొదలవుతాయి.