వడి - వేడి

తెలుగులో 'వడి' అంటే వేగం. మొదటి అక్షరానికి ఒక్క ఏత్వం చేరిస్తే అది 'వేడి' అవుతుంది. నిఘంటువులో ఈ రెండు మాటలకు చుట్టరికం ఉన్నా లేకపోయినా, కంప్యూటరు లోపల మాత్రం ఇవి విడదీయరాని జంట. యంత్రం వడి పెరిగేకొద్దీ దాని వేడిని అదుపులో పెట్టడం కష్టమవుతూ వచ్చింది. చివరకు ఒక దశలో ఆ వేడియే వడికి అడ్డుకట్ట వేసింది. ఆ అడ్డుకట్ట ఎందుకు పడిందో, ఇంజనీర్లు దానిని ఎలా దాటజూచారో తెలుసుకోవడం ఆసక్తికరమైన విషయం.

పంపు నీటిని పైకి తోడుతుంది. విద్యుద్దీపం వెలుగునిస్తుంది. ఇవి తీసుకొన్న విద్యుత్తులో కొంత భాగమైనా కంటికి కనిపించే పనిగా మారుతుంది. కంప్యూటరు పని అటువంటిది కాదు. కూడికలు, తీసివేతలు, పోలికలు - దాని శ్రమంతా లెక్కలే. లెక్కకు బరువు లేదు, కదలిక లేదు. కాబట్టి ప్రాసెసర్ తీసుకొన్న విద్యుత్తు దాదాపు అంతా చివరకు వేడిగా మారి బయటపడవలసిందే. నూరు వాట్ల ప్రాసెసర్ ఒక విధంగా నూరు వాట్ల పొయ్యి కూడా. 1946లో అమెరికాలో లోకానికి పరిచయమైన 'ఎనియాక్' కంప్యూటరులో సుమారు పద్దెనిమిది వేల శూన్యనాళికలు ఉండేవి. అది దాదాపు 150 కిలోవాట్ల విద్యుత్తును వాడుకొని సెకనుకు అయిదు వేల కూడికలు చేసేది. ఆనాటి యంత్రశాలలో లెక్కలు చేయడం ఎంత ముఖ్యమో, గదిని చల్లబరచడమూ అంతే ముఖ్యం.

శూన్యనాళికల స్థానంలో ట్రాన్సిస్టర్లు వచ్చాయి. ట్రాన్సిస్టర్ అంటే విద్యుత్తుకు పెట్టిన అతి చిన్న కుళాయి వంటిది. అది తెరుచుకొన్నప్పుడు ఒక చిన్న పాత్ర విద్యుదావేశంతో నిండుతుంది, మూసుకొన్నప్పుడు ఖాళీ అవుతుంది. నింపి ఒలకబోసిన ప్రతిసారీ కొంత శక్తి వేడిగా పోతుంది. సంగీత కచేరీలో తాళం ఉన్నట్లే ప్రాసెసర్‌లోనూ ఒక తాళగతి ఉంటుంది. సెకనుకు వంద కోట్ల తాళాలు పడితే దానిని ఒక గిగాహెర్ట్జ్ అంటారు. ఖర్చయ్యే విద్యుత్తు మూడింటిపై ఆధారపడుతుంది. ఒకటి పాత్రల పరిమాణం, రెండవది తాళగతి, మూడవది వోల్టేజి. మొదటి రెండూ రెట్టింపైతే ఖర్చు కూడా రెట్టింపే. వోల్టేజి సంగతి వేరు. దాని వర్గాన్ని అనుసరించి ఖర్చు మారుతుంది. వోల్టేజిని సగం చేస్తే ఖర్చు నాలుగో వంతుకు పడిపోతుంది. ఈ 'వర్గం' అనే చిన్న మాటలోనే కథంతా దాగి ఉన్నది.

1974లో ఐ.బి.ఎం. సంస్థకు చెందిన రాబర్ట్ డెనార్డ్, ఆయన సహచరులు ఒక ముఖ్యమైన సూత్రాన్ని వివరించారు. ట్రాన్సిస్టర్ పొడవు వెడల్పులను ముప్ఫై శాతం తగ్గించి, వోల్టేజిని కూడా అంతే తగ్గిస్తే, అది ఆక్రమించే స్థలం సగమవుతుంది. వేగం సుమారు నలభై శాతం పెరుగుతుంది. అయినప్పటికీ ఒక్కొక్క ట్రాన్సిస్టర్ ఖర్చు సగానికి దిగుతుంది. అంటే అదే స్థలంలో రెట్టింపు ట్రాన్సిస్టర్లను అమర్చి, మరింత వేగంగా నడిపినా వేడి పెరగదు. ఇది వరం వంటి సూత్రం. సుమారు మూడు దశాబ్దాల పాటు చిప్పుల పరిశ్రమ ఈ వరం నీడలోనే ఎదిగింది. 1971లో వచ్చిన ఇంటెల్ 4004 ప్రాసెసర్‌లో 2,300 ట్రాన్సిస్టర్లు ఉండేవి. దాని తాళగతి 740 కిలోహెర్ట్జులు. 2004 నాటికి ఆ గతి 3.8 గిగాహెర్ట్జులకు, అంటే అయిదు వేల రెట్లకు పైగా పెరిగింది.

వరాలకు హద్దులుంటాయని పురాణాలు చదివినవారికి తెలిసినదే. వోల్టేజిని తగ్గిస్తూ పోవాలంటే ట్రాన్సిస్టర్ అనే కుళాయి మరింత తేలికగా తెరుచుకోవాలి. తేలికగా తెరుచుకొనే కుళాయి గట్టిగా మూసుకోదు, కారుతూ ఉంటుంది. ఒక్క కుళాయి బొట్టుబొట్టుగా కారితే ఎవరూ పట్టించుకోరు. పన్నెండు కోట్ల కుళాయిలు ఒక్కసారిగా కారితే అది ఏరు. పైగా ఈ కారడం కొద్దికొద్దిగా కాక, మెట్టు దిగిన ప్రతిసారీ కొన్ని రెట్లు పెరుగుతుంది. ఏ పనీ చేయకుండా ఊరకే ఉన్న ప్రాసెసర్ కూడా వేడెక్కసాగింది. దానితో వోల్టేజి తగ్గడం దాదాపుగా ఆగిపోయింది. వోల్టేజి ఆగినా ట్రాన్సిస్టర్ల సంఖ్య ఆగలేదు. లెక్క తప్పింది అక్కడే.

ఈ సంధికాలంలోనే పెంటియం 4 కథ నడిచింది. 2000 నవంబరులో ఇంటెల్ విడుదల చేసిన ఈ ప్రాసెసర్ గిగాహెర్ట్జుల సంఖ్యను పెంచడమే పరమావధిగా తయారైనది. కొనేవారు కూడా ఆ సంఖ్యనే చూసేవారు. సంఖ్యను పెంచడానికి ఇంజనీర్లు ఎంచుకొన్న ఉపాయాన్ని ఇల్లు కట్టే చోట చూడవచ్చు. కూలీలు వరుసగా నిలబడి ఇటుకలను చేతి నుంచి చేతికి అందిస్తారు. వరుసలో మనుషులు ఎక్కువైతే ఒక్కొక్కరు చేయవలసిన పని తగ్గుతుంది, చేతులు వేగంగా ఆడతాయి. పెంటియం 3లో ఇటువంటి అంచెలు పది. పెంటియం 4లో మొదట ఇరవై, 2004 ఫిబ్రవరిలో వచ్చిన 'ప్రెస్కాట్' రకంలో ముప్ఫై ఒకటి. అయితే ప్రాసెసర్‌కు ముందు ఏ పని రానున్నదో కచ్చితంగా తెలియదు. ఊహించి పని మొదలుపెడుతుంది. ఊహ తప్పిందా, వరుసలోని ఇటుకలన్నీ కింద పడవేసి మళ్లీ మొదటి నుంచి అందించుకోవలసిందే. వరుస ఎంత పొడవైతే వృథా అంత ఎక్కువ. ఆ వృథాకూ విద్యుత్తు ఖర్చవుతుంది, వేడీ పుడుతుంది. అందుకే తొలి పెంటియం 4 కొన్ని పనులలో తనకంటే తక్కువ గిగాహెర్ట్జుల పెంటియం 3 చేతిలో ఓడిపోయింది.

ప్రెస్కాట్ చిప్పు వైశాల్యం 112 చదరపు మిల్లీమీటర్లు, అంటే బొటనవేలి గోరు కంటే పెద్దగా మించనిది. అందులోని రకాలు కొన్ని నూరు వాట్లకు మించి వేడిని వెలువరించేవి. ఇంట్లో బట్టలు ఇస్త్రీ చేసే వెయ్యి వాట్ల పెట్టెతో దీనిని పోల్చవచ్చు. ఆ పెట్టె అడుగు రెండు వందల చదరపు సెంటీమీటర్లు ఉంటుందనుకొంటే, ఒక్కొక్క చదరపు సెంటీమీటరుకు వచ్చే వేడి అయిదు వాట్లు. ప్రెస్కాట్ విషయంలో అది తొంభై వాట్ల వరకు ఉన్నది! అంటే ఇస్త్రీపెట్టె కంటే పద్దెనిమిది రెట్లు. ట్రాన్సిస్టర్లను 130 నానోమీటర్ల పద్ధతి నుంచి 90 నానోమీటర్లకు కుదించినా, పాతదానికంటే ఈ కొత్త చిప్పే ఎక్కువ వేడెక్కింది. పాత సూత్రం పనిచేయడం లేదనడానికి ఇంతకంటే సాక్ష్యం అక్కరలేదు.

హెచ్చరికలు లేకపోలేదు. 2001లోనే ఇంటెల్‌కు చెందిన పాట్రిక్ గెల్సింగర్ ఒక సదస్సులో ప్రసంగిస్తూ, ఇదే ధోరణి సాగితే చిప్పులోని వేడి అణురియాక్టరు స్థాయిని, ఆపై రాకెట్టు నాళపు స్థాయిని అందుకొంటుందని చెప్పాడు. అయినా పందెం ఆగలేదు. 2004లో ప్రెస్కాట్ తరువాతి చిప్పు పథకాన్ని, ఆ వెంటనే నాలుగు గిగాహెర్ట్జుల పెంటియం 4ను కూడా సంస్థ రద్దుచేసుకోవలసి వచ్చింది. ఆ అక్టోబరులో సంస్థ అధిపతి క్రెయిగ్ బారెట్ నిండుసభలో మోకాళ్లపై వంగి, ఆ రద్దుకు మన్నింపు కోరాడు. అది నవ్వుటాలకు చేసిన పనే. కానీ ఆ నవ్వు వెనుక ఒక యుగం ముగిసింది.

దీనికి ఇరవై ఏళ్ల క్రితమే ఇంగ్లండులోని కేంబ్రిడ్జ్‌లో మరొక దారి మొదలైంది. ఏకార్న్ అనే చిన్న సంస్థలో సోఫీ విల్సన్, స్టీవ్ ఫర్బర్ కలిసి 'ఆర్మ్' అనే ప్రాసెసర్‌ను రూపొందించారు. వారికి పెద్ద సంస్థలకున్నంత ధనం లేదు. చిప్పును ఖరీదైన పింగాణీ తొడుగులో కాక, చవకైన ప్లాస్టిక్ తొడుగులో పెట్టాలన్నది వారి అవసరం. ప్లాస్టిక్ వేడికి తాళదు కనుక చిప్పు ఒక వాటుకు మించి వాడకూడదు. పొదుపు అక్కడ ఆదర్శం కాదు, పేదరికం నేర్పిన పాఠం. సుమారు 25,000 ట్రాన్సిస్టర్లతో ఆ చిప్పు సిద్ధమై 1985 ఏప్రిల్ 26న మొదటిసారి పనిచేసింది. అది ఎంత విద్యుత్తు తీసుకొంటున్నదో కొలిచినప్పుడు పరికరం సున్నా చూపింది. కారణం వెతికితే, ఆ బోర్డుపై చిప్పుకు విద్యుత్తు అందించే తీగ అసలు కలిసి లేదు. పక్కనున్న వలయాల సంకేతాల నుంచి కారివచ్చిన కొద్దిపాటి విద్యుత్తుతోనే అది పని చక్కబెట్టింది. ఆ వంశమే తరువాతి కాలంలో ప్రపంచంలోని సెల్‌ఫోన్లన్నింటా దాదాపుగా నిలిచింది. 2020లో అదే వంశపు ఎం1 ప్రాసెసర్‌తో ఆపిల్ సంస్థ ఫ్యాను లేని ల్యాప్‌టాప్‌ను విడుదల చేసింది.

ఇంటెల్ కూడా దారి మార్చింది. ఇజ్రాయెల్‌లోని హైఫా బృందం ల్యాప్‌టాప్‌ల కోసం 2003లో రూపొందించిన పెంటియం ఎం ప్రాసెసర్‌లోని పొదుపు విధానాన్నే ఆధారం చేసుకొని, 2006లో 'కోర్ 2 డ్యుయో'ను తెచ్చింది. 2.4 గిగాహెర్ట్జుల రకం 65 వాట్లతోనే పాత 3.8 గిగాహెర్ట్జుల పెంటియం 4ను పెక్కు పనులలో మించిపోయింది. పరుగెత్తి పాలు తాగడం కంటే నిలబడి నీళ్లు తాగడం మేలని సామెత. ఇక్కడ నిలబడినవానికే పాలు కూడా దక్కాయి.

ఇందులోని గణితం ఎంతో సరళమైనది. తాళగతిని ఇరవై శాతం తగ్గించి, దానితో పాటు వోల్టేజిని కూడా ఇరవై శాతం తగ్గించగలిగితే, ఖర్చు సుమారు సగానికి పడిపోతుంది. వోల్టేజి వర్గమూ తాళగతీ కలిసి చేసే మేలు ఇది. మిగిలిన సగం విద్యుత్తుతో అటువంటి ప్రాసెసర్‌నే మరొకదానిని నడపవచ్చు. ఖర్చు పెరగకుండానే ఒకటికి బదులు 1.6 వంతుల పని జరుగుతుంది. ఒకే చిప్పులో రెండు, నాలుగు, ఎనిమిది 'కోర్‌లు' వెలసినది ఈ లెక్క వల్లనే. పాత ప్రాసెసర్ అష్టావధాని వంటిది. పృచ్ఛకులు ఎనిమిది మంది ఉన్నా ధారణ ఒక్కటే, అందరికీ వంతులవారీగా సమాధానం చెప్పవలసినది ఒక్కరే. కొత్త చిప్పులో ఎనిమిది మంది పండితులు కూర్చుంటారు. ఒక్కొక్కరూ అవధానికి సమానులు కారు, అయినా సభ త్వరగా ముగుస్తుంది.

అన్ని పనులకూ ఈ ఉపాయం చెల్లదు. పదిమంది చేరితే మడిలో నాట్లు త్వరగా పడతాయి. కానీ పదిమంది వంటవారు చేరినంత మాత్రాన కుండలో అన్నం త్వరగా ఉడకదు. విడదీయరాని ఈ భాగమే మొత్తం వేగానికి హద్దు గీస్తుందని జీన్ ఆమ్డాల్ 1967లోనే వాదించాడు. అందుకే ఒంటి కోర్ వేగానికి నేటికీ విలువ తగ్గలేదు. 2023 జనవరిలో వచ్చిన ఒక ఇంటెల్ ప్రాసెసర్ ఆరు గిగాహెర్ట్జులను అందుకొన్నది, అదీ అనుకూలించినప్పుడు కొద్ది సమయం మాత్రమే. ముప్ఫై మూడేళ్లలో అయిదు వేల రెట్లు పెరిగిన తాళగతి, ఆ తరువాతి పందొమ్మిదేళ్లలో రెట్టింపైనా కాలేదు.

పొదుపు మార్గాలు మరికొన్ని ఉన్నాయి. సెల్‌ఫోనులో ఫ్యానుకు చోటులేదు. కనుక 2011 నుంచి ఆర్మ్ సంస్థ ఒకే చిప్పులో పెద్ద కోర్‌లను, చిన్న కోర్‌లను కలిపే పద్ధతిని ప్రచారంలోకి తెచ్చింది. సందేశం చదవడానికి చిన్నది, ఆట ఆడడానికి పెద్దది పనిచేస్తాయి. మరొక సత్యం చాలామందిని ఆశ్చర్యపరుస్తుంది. ఖర్చంతా లెక్కలోనే లేదు, లెక్కకు కావలసిన సంఖ్యలను తెచ్చుకోవడంలో ఉన్నది. రెండు పూర్ణసంఖ్యలను కూడడానికి పట్టే శక్తి కంటే, ఒక సంఖ్యను చిప్పు బయటి మెమరీ నుంచి రప్పించడానికి వేల రెట్లు ఎక్కువ శక్తి కావాలని స్టాన్‌ఫర్డ్ ఆచార్యుడు మార్క్ హొరోవిట్జ్ 2014లో లెక్కగట్టి చూపాడు. కూరలో ఉప్పు వేయడం క్షణం పని, ఆ ఉప్పు కోసం పక్క ఊరి అంగడికి వెళ్లిరావడం పూట పని. నేటి చిప్పుల రూపకల్పనలో శ్రమ చాలావరకు ఉప్పుడబ్బాను పొయ్యి పక్కకు చేర్చడం కోసమే.

2022లో అమెరికాలోని 'ఫ్రాంటియర్' సూపర్ కంప్యూటరు 21 మెగావాట్లతో సెకనుకు పది వేల కోట్ల కోట్ల లెక్కలు అనే హద్దు సంఖ్యను, అంటే ఒకటి పక్కన పద్దెనిమిది సున్నాలు గల సంఖ్యను దాటింది. లెక్కల స్వభావం వేరైనా ఎనియాక్‌తో పోల్చితే విద్యుత్తు 140 రెట్లు, పని రెండు కోటి కోట్ల రెట్లకు పైమాటే. ఒక్కొక్క లెక్కకు అయ్యే ఖర్చు ఇంతగా తగ్గినా, మొత్తం ఖర్చు మాత్రం తగ్గలేదు. చవకైన లెక్కను లోకం మరింతగా వాడుకొంటున్నది. ప్రపంచంలోని డేటా సెంటర్లు 2024లో సుమారు 415 టెరావాట్-గంటలు, అంటే 41,500 కోట్ల యూనిట్ల విద్యుత్తును వాడుకొన్నాయని అంతర్జాతీయ ఇంధన సంస్థ అంచనా. అది ప్రపంచ వినియోగంలో దాదాపు ఒకటిన్నర శాతం.

ఈ లెక్క తెలుగునేలకు దూరమైనదేమీ కాదు. 2025 అక్టోబరులో గూగుల్ సంస్థ విశాఖపట్నంలో గిగావాటు స్థాయి డేటా సెంటరును నెలకొల్పనున్నట్లు ప్రకటించింది. ఆ నగరానికి సమీపంలోనే ఉన్న సింహాద్రి థర్మల్ విద్యుత్ కేంద్రపు స్థాపిత సామర్థ్యం రెండు వేల మెగావాట్లు. ఒక గిగావాటు అంటే ఆ కేంద్రపు నాలుగు యూనిట్లలో రెండు యూనిట్లు పూర్తి సామర్థ్యంతో నడిస్తే వచ్చే విద్యుత్తు. ఇటువంటి కేంద్రానికి చేరే విద్యుత్తంతా లెక్కలు ముగిసిన తరువాత వేడియై బయటికి రావలసినదే. సముద్రతీరపు తేమగాలిలో నీరు ఆవిరై చల్లదనాన్నిచ్చే పద్ధతి పొడిగాలిలో పనిచేసినంత బాగా పనిచేయదు. ఆ వేడిని ఏ నీటితో, ఏ గాలితో సాగనంపాలన్నది చిప్పులు తయారుచేసేవారితో పాటు అక్కడి ఇంజనీర్లూ తేల్చవలసిన లెక్క.