తులసీదాస్ బలరామ్

వరికోతలు ముగిసిన పిదప మన పెదవేగి చుట్టుపట్ల పొలములలో బాలురు ఫుట్‌బాల్ ఆడుట మీరు చూచియే యుందురు. బంతి కాలికి తగిలినంతనే తానే గోలు చేయవలెనని ప్రతివాడును పరుగెత్తును. అట్టివారు ఎందరున్నను జట్టు గెలువదు. బంతిని నిలిపి, తగినవేళ తగినవానికి అందించువాడు నడుమ నుండవలెను. కొల్లేరును చూడుడు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీటిని అది తనలో నిలుపుకొని, ఉప్పుటేరు గుండ సముద్రమునకు పంపును. వెనుకనున్న రక్షకులకును, ముందున్న దాడివారికిని నడుమ ఆడువాని పనియు అట్టిదే. ఆ విద్యలో ఆరితేరినవాడు తులసీదాస్ బలరామ్.

బలరామ్ 1936 అక్టోబరు 4వ తేదీన సికిందరాబాదు చెంతనున్న అమ్ముగూడలో జన్మించెను. తమిళదేశమునుండి వచ్చి అచట స్థిరపడిన పేద కుటుంబము వారిది. క్రొత్త బూట్లు కొనుటకు సొమ్ము లేకుండెను. పోలీసువారు వాడి విడిచిన బూట్ల తోలుతో ఆ బాలుడు తన బూట్లు కుట్టించుకొనెను.

ఆ కాలమున హైదరాబాదు నగర పోలీసు జట్టు దేశమంతట పేరెన్నికగన్నది. దాని శిక్షకుడు సయ్యద్ అబ్దుల్ రహీమ్. ఆయన బడిపంతులుగా పనిచేసినవాడు. భారత జట్టునకును ఆయనయే శిక్షకుడు. బలరామ్ ఆట చూచి, హైదరాబాదునకు వచ్చి సాధన చేయుమని ఆయన కోరెను. రాకపోకలకు డబ్బు లేదని బలరామ్ చెప్పగా, సైకిలు అద్దెకై దినమున కొక రూపాయి తానే ఇచ్చెను. ఆ రూపాయి వృథా కాలేదు. 1956లో మెల్బోర్న్ ఒలింపిక్ క్రీడలలో భారత జట్టు నాలుగవ స్థానము పొందినపుడు, ఇరువదియేండ్ల బలరామ్ ఆ జట్టులో నుండెను.

1957లో అతడు కలకత్తాలోని ఈస్ట్ బెంగాల్ క్లబ్బులో చేరెను. అతని స్థానమును ‘ఇన్‌సైడ్ లెఫ్ట్’ అనెడివారు. ఆ స్థానమున నున్నవాడు వెనుకకు వచ్చి బంతిని తెచ్చుకొనవలెను. ముందుకు పోయి గోలును చేయవలెను. 1960 రోమ్ ఒలింపిక్ క్రీడలలో హంగేరీపైనను, పెరూపైనను బలరామ్ గోలు చేసెను. భారత జట్టు ఆ రెండు ఆటలను ఓడినను, ఆ ఏడు కాంస్య పతకము గెలిచిన హంగేరీతో 1-2 తేడాతో మాత్రమే ఓడెను. 1961లో అతని నాయకత్వమున ఈస్ట్ బెంగాల్ కలకత్తా లీగును గెలిచెను.

1962 సెప్టెంబరు 4వ తేదీన జకార్తా ఆసియా క్రీడల ఫైనలులో భారత జట్టు దక్షిణ కొరియాను 2-1తో ఓడించి స్వర్ణ పతకము నందెను. ఆనాటి గోలులు పి.కె. బెనర్జీవి, జర్నైల్ సింగువి. బలరామ్ గోలు చేయలేదు. అయినను ఆ గెలుపు పదునొకండుగురిది. ఆ ఏటనే అతనికి అర్జున పురస్కారము లభించెను.

మరుసటి యేడే విధి యెదురుతిరిగెను. ఇరువదియేడేండ్ల ప్రాయమున ఊపిరితిత్తుల వ్యాధి సోకి అతని ఆట ఆగిపోయెను. అదే ఏడు గురువైన రహీమ్ గారును మరణించిరి. ఆటగాని కాలము అంత స్వల్పము! ఆ దినములలో మన ఆటగాండ్రు పెక్కుమంది పోలీసు, రైల్వే మున్నగు శాఖలలో ఉద్యోగము చేయుచు ఆడుచుండిరి. నేడు ఫుట్‌బాల్ జీతము తెచ్చు వృత్తియైనది. కాని కాలి సత్తువ శాశ్వతము కాదన్న మాట నాడెంత సత్యమో నేడును అంతే సత్యము.

బలరామ్ కుంగిపోలేదు. శిక్షకుడై, తాను నేర్చిన విద్యను బాలురకు నేర్పెను. 2023 ఫిబ్రవరి 16వ తేదీన కలకత్తాలో కన్నుమూసెను. రహీమ్ గారు తనకు అందించినదానిని తనయొద్దనే దాచుకొనక, ముందువారికి అందించెను. మైదానములో అతడు బంతితో చేసిన పనియు అదియే కదా!

ప్రశ్నలు

1. నడుమ ఆడు ఆటగానిని కొల్లేటితో ఏల పోల్చిరి?
2. రహీమ్ గారు బలరామ్‌నకు చేసిన సాయమెట్టిది?
3. ‘ఆ గెలుపు పదునొకండుగురిది’ అను మాటను వివరింపుడు.